మూల్యాంకన వృత్తి నైపుణ్యాలు: సభ్యులకు వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

సర్వేల్లో ఎన్యూమరేటర్లుగా (ఇంటింటికీ వెళ్లి వివరాలు రాసుకునేవారుగా), సూపర్‌వైజర్లుగా ఉన్నవారు సొంతంగా మూల్యాంకనం, అంటే పథకం వల్ల ఏం మారిందో కొలిచే పని, నడిపే స్థాయికి చేరాలంటే ఏం నేర్చుకోవాలి? ఈ ఏడాది మన సంఘం శిక్షణలన్నీ ఈ ప్రశ్న చుట్టూనే నడిచాయి. సాఫ్ట్‌వేర్ నేర్పమని చాలామంది అడిగారు, నేర్పాం కూడా. కానీ ఇంటి గడప దగ్గరే చెడిపోయిన డేటాను ఎక్సెల్ గానీ స్టాటా వంటి గణాంక సాఫ్ట్‌వేర్ గానీ బాగుచేయలేవు. అందుకే ఎక్కువ రోజులు ప్రశ్నాపత్రానికీ శాంపిల్‌కీ (సర్వేకు ఎంచుకునే ఇళ్లకు) కేటాయించాం.

ప్రశ్నాపత్రం శిక్షణలో ఎక్కువ చర్చ జరిగింది భూమి కొలత మీద. తెలంగాణ పాస్‌బుక్‌లో 2.20 అని ఉంటే 2 ఎకరాల 20 గుంటలు. ఎకరానికి 40 గుంటలు కాబట్టి అది రెండున్నర ఎకరాలు. ఆంధ్రలో అదే అంకె 2 ఎకరాల 20 సెంట్లు. ఎకరానికి 100 సెంట్లు గనక అది 2.2 ఎకరాలే. ట్యాబ్‌లో ఒకే గడి పెడితే గుంటలను కొందరు మార్చి ఎక్కిస్తారు, కొందరు ఉన్నదున్నట్టు ఎక్కిస్తారు. ఆ తర్వాత ఏది ఏదో విడదీయడం ఎవరి వల్లా కాదు. ఎకరాలకు ఒక గడి, గుంటలకో సెంట్లకో వేరే గడి ఉండాలి. గుంటలు 39, సెంట్లు 99 దాటితే ఫారం ముందుకు కదలకూడదు. దిగుబడి అడిగినప్పుడు కూడా "ఎన్ని బస్తాలు" అని ఆపేయకుండా, బస్తా 75 కిలోలదా, మరో తూకందా అని వెంటనే అడగాలి.

అభిప్రాయాల ప్రశ్నల్లో ఇంకో చిక్కుంది. "పింఛను పంపిణీ ఎలా ఉంది?" అంటే ఊళ్లో ఎక్కువగా వినిపించే జవాబు "పర్లేదు". దాన్ని ఒకరు "సంతృప్తి" కింద, ఇంకొకరు "మధ్యస్థం" కింద గుర్తు పెడతారు. తేడా జనంలో లేదు, రాసేవారిలో ఉంది. దానికంటే "పోయిన నెల పింఛను ఏ తేదీన చేతికొచ్చింది? ఎన్నిసార్లు తిరిగారు?" అని అడిగితే లెక్కకు నిలుస్తుంది. "సంక్రాంతి తర్వాత" అంటే గుర్తొచ్చినంతగా "గత ఆరు నెలల్లో" అంటే గుర్తురాదు.

శాంపిల్ లెక్క చాలామందికి భయం. నిజానికి అది నాలుగు మెట్ల లెక్క. 95 శాతం నమ్మకం, అటూ ఇటూ 5 శాతం తేడా చాలనుకుంటే 385 ఇళ్లు. కానీ అది జిల్లా మొత్తం జాబితాలోంచి విడివిడిగా లాటరీ తీస్తేనే. మనం ముందు ఊళ్లు ఎంచి, ఊరికి 20 ఇళ్లు తీస్తాం. అవన్నీ ఒకే చెరువు కింద, ఒకే రేషన్ డీలర్ దగ్గర ఉన్నవి గనక ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. ఆ పోలికను 0 నుంచి 1 దాకా కొలుస్తారు. అది 0.05 అనుకుంటే 1+(20−1)×0.05 = 1.95, అంటే ఇళ్లు అన్ని రెట్లు కావాలి. 385ని 1.95తో హెచ్చించి, పదో వంతు ఇళ్లకు తాళాలుంటాయని 0.9తో భాగిస్తే దాదాపు 835 ఇళ్లు, 42 ఊళ్లు. ఊరికి 10 ఇళ్లే తీస్తే 1.45, దాదాపు 620 ఇళ్లు, 62 ఊళ్లు. ఇళ్లు తగ్గాయి, ఊళ్లు పెరిగాయి. జీపు కిరాయి బరువా, రోజు కూలి బరువా చూసుకుని తేల్చుకోవాలి. ప్రతిపాదనలో ఈ లెక్క విప్పి చూపినవారి మీద పని ఇచ్చేవారికి గురి కుదురుతుంది.

పథకం అందనివారితో పోల్చి చూడని మూల్యాంకనం పనికిరాదని గట్టిగానే చెప్పాం. పథకం వచ్చాక ఆదాయం పెరిగిందంటే ఆ ఏడు వానలు బాగా పడి ఉండవచ్చు. దీనికి పాఠంగా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ స్మార్ట్‌కార్డుల (వేలిముద్రతో గుర్తించి సొమ్ము చెల్లించే కార్డుల) అధ్యయనాన్ని తీసుకున్నాం. ఉపాధి హామీ కూలి, పింఛన్ల చెల్లింపు మీద సాగిన ఆ పనిలో 157 మండలాలను లాటరీతో వేరుచేసి, 112 మండలాల్లో కార్డులు ముందుగా ఇచ్చి, 45 మండలాలను పోలికకు ఉంచారు. 2016లో ఫలితాలు అచ్చయ్యాయి: చెల్లింపులు వేగంగా అందాయి, సొమ్ము పక్కదారి పట్టడం తగ్గింది. 2006లో ఇక్కడే మొదలైన ఉపాధి హామీ సామాజిక తనిఖీల్లో పనిచేసినవారికి మస్టర్ రోలు (కూలీల హాజరు పట్టీ) పట్టుకుని ఇంటింటికీ వెళ్లి సరిచూసే అలవాటుంది. అది ఈ వృత్తికి పెద్ద పెట్టుబడి. పథకం అందనివారితో పోల్చే ఆలోచన ఒక్కటి జోడించుకుంటే చాలు.

పథకాలను అంచనా వేయడానికి 1991లో ఓఈసీడీ (ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ) కమిటీ ఇచ్చిన అయిదు ప్రమాణాలకు (అవసరానికి తగినదా, లక్ష్యం చేరిందా, ఖర్చుకు తగ్గదా, ప్రభావం ఏంటి, నిలుస్తుందా) 2019లో పొందిక, అంటే ఇతర పథకాలతో పొసగడం, ఆరోదిగా చేరింది. ఆరింటినీ నివేదికలో శీర్షికలుగా నింపడం అలవాటైపోయింది. అడిగిన ప్రశ్నకు పనికొచ్చేవి రెండో మూడో తీసుకోండి.

నివేదిక రాసేటప్పుడు "అవగాహన పెంచాలి" అనేది సిఫారసు కాదు. ఎవరు, ఎప్పటిలోగా, ఏం చేయాలో ఉండాలి: "పింఛను అందనివారి జాబితాను ప్రతి నెలా 10లోగా పంచాయతీ కార్యదర్శి ఎంపీడీవోకు పంపాలి."

వచ్చే ఏడాది ప్రతి సభ్యుడూ తన పని నమూనా ఫైలు తయారు చేసుకోవాలని కార్యవర్గం కోరుతోంది. అందులో ఒక ప్రశ్నాపత్రం, ఒక శాంపిల్ లెక్క, రెండు పేజీల ఫలితాలు చాలు. పని ఇచ్చిన సంస్థ అనుమతి తీసుకోండి. పేర్లు, ఫోను, ఆధార్ నంబర్లు తీసేయండి. చిన్న ఊరి పేరూ, కులమూ, వృత్తీ ఒకే వరుసలో ఉంటే పేరు లేకపోయినా మనిషి దొరికిపోతాడు, కాబట్టి ఊరి పేరు కూడా తీసేయండి.