గడువు తీరిన లిస్టు గురించి అమ్మలుకి

కంచరపాలెం,
విశాఖపట్నం.

చిరంజీవి అమ్మలుకి, నాన్న ఆశీస్సులు.

మొన్న రాత్రి ఫోన్లో నువ్వు ఏడుస్తుంటే నాకు మాట పెగల్లేదు. మీ అమ్మ ఫోను లాక్కుని ఏదో సర్ది చెప్పింది గానీ, నువ్వు అడిగిన మాట మాత్రం అలాగే ఉండిపోయింది. "రిజర్వ్ లిస్టులో నాది నాలుగో నంబరు నాన్నా. మెయిన్ లిస్టులో ఆరుగురు చేరనే లేదు. ఏడాది అయిపోయిందని లిస్టు మూసేశారు. ఇక నాకు ఏ హక్కూ లేదా?" అన్నావు. ఫోన్లో చెబితే సగం నువ్వు మర్చిపోతావు, సగం నేను మర్చిపోతాను. అందుకే రాస్తున్నాను. నేను లాయర్ని కాను. కానీ ముప్పై ఏళ్లు సూర్యాబాగ్ కోర్టులో ప్లీడరు గుమస్తాగా చేసినవాణ్ణి. ఇలాంటి ఉద్యోగాల కేసుల కట్టలు ఎన్ని మోశానో లెక్కలేదు.

నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటుంది. నిన్న అటక మీది ఇనప పెట్టె దించాను. అడుగున రెండు సైక్లోస్టైల్ కాగితాలున్నాయి. 1993లో ఒక ప్రభుత్వ సంస్థ ఇచ్చిన ప్యానెల్, అంటే ఎంపికైనవాళ్ల లిస్టు అది. పోస్టులు పదహారు, నా నంబరు పందొమ్మిది. పదహారు మందిలో ముగ్గురు చేరలేదు. అంటే లెక్క సరిగ్గా నా దగ్గరకొచ్చి ఆగాలి. వారం వారం ఆ ఆఫీసుకు వెళ్లేవాణ్ణి. "ఫైలు పైకెళ్లింది బాబూ, వచ్చే వారం రా" అనేవాడు అక్కడి గుమస్తా. మంచివాడే, ఒకసారి టీ కూడా ఇప్పించాడు. అలా పద్నాలుగు నెలలు తిరిగి, చివరికి ఎవరో చెబితే మన ప్లీడరు గారి దగ్గరకు వెళ్లాను. ఆయన మొదటి కాగితం చూడనే లేదు. రెండోది తిప్పి, అడుగున ఉన్న వాక్యం మీద వేలు పెట్టి, "ఇది చదివావా?" అన్నారు. 'ఈ ప్యానెల్ ఒక సంవత్సరం వరకే చెల్లును.' అన్నిసార్లు నా పేరు చూసుకున్నాను గానీ ఆ లైను ఒక్కసారీ చదవలేదు. గడువు లోపల ఏం చేశావంటే, ఐదు అర్జీలు పెట్టానన్నాను. ఆయన నవ్వలేదు, తిట్టలేదు. అర్జీలు చూసి, చేతిరాత బాగుంది, రేపటి నుంచి రమ్మన్నారు. నా ఉద్యోగం కథ అదీ.

ఇప్పుడు నీ సంగతి. లిస్టులో పేరుంటే ఉద్యోగం మనదే అనుకుంటాం. చట్టం అలా అనుకోదు. దీనికి పెద్ద తీర్పు 1991లో వచ్చింది. శంకర్సన్ దాష్ కేసు, సుప్రీంకోర్టులో ఐదుగురు జడ్జీల బెంచి. ఆయన 1977లో సివిల్స్ రాశాడు. ఐపీఎస్‌లో కొందరు చేరకపోవడంతో పోస్టులు మిగిలాయి, వాటిలో ఒకటి తనకు రావాలని ఆయన వాదన. పరీక్ష 1977లో, తీర్పు 1991లో. రాముడి అరణ్యవాసం అంత కాలం పట్టింది, చివరికి ఓడిపోయాడు. సెలక్ట్ లిస్టులో పేరున్నంత మాత్రాన ఉద్యోగం ఇచ్చి తీరాలనే హక్కు పుట్టదని, నోటిఫికేషన్ ఇచ్చిన ప్రభుత్వం పోస్టులన్నీ నింపాల్సిన పని లేదని కోర్టు చెప్పింది. అంతకుముందు 1973లో హర్యానా సబార్డినేట్ జడ్జి పోస్టుల కేసులోనూ ఇదే మాట. పదిహేను ఖాళీలు, పాసైనవాళ్లు నలభై మంది, ప్రభుత్వం మొదటి ఏడుగురినే తీసుకుంది. సుప్రీంకోర్టు తప్పు పట్టలేదు. మన రాష్ట్రంలోనే ఎక్సైజ్ కానిస్టేబుళ్ల సెలక్షన్ మధ్యలో మద్యనిషేధం వచ్చి ఆగిపోయింది. వాళ్లు కేసు వేస్తే 2003లో అదే జవాబొచ్చింది.

ఇక్కడిదాకా చదివి కాగితం విసిరికొట్టకు. ఆ 1991 తీర్పులోనే ఇంకో సగం ఉంది. వాట్సాప్‌లో తిరిగే మెసేజీల్లో ఆ సగం ఎవరూ రాయరు. నింపకపోతే నింపకపోవచ్చు, కానీ ఆ నిర్ణయం సవ్యమైన కారణంతో, మంచి మనసుతో తీసుకోవాలి. ఇష్టం వచ్చినట్టు చేయడానికి లైసెన్సు కాదు అంది కోర్టు. నింపితే మాత్రం మెరిట్ వరసలోనే నింపాలి, నిన్ను దాటి నీ కింది నంబరు వాణ్ణి పిలవకూడదు. 2024 నవంబరులో తేజ్ ప్రకాశ్ పాఠక్ కేసులో మళ్లీ ఐదుగురు జడ్జీలు ఈ మాటనే నిలబెట్టారు. ఖాళీ ఉండి, లిస్టులో నీ వంతు వచ్చి ఉంటే, ఎందుకు ఇవ్వలేదో వాళ్లు చెప్పుకోవాలి.

ఇంకో తేడా చూడు. మెయిన్ లిస్టు వేరు, రిజర్వ్ లిస్టు వేరు. కేంద్ర సిబ్బంది శాఖ 1982 ఫిబ్రవరి 8న ఒక మెమో ఇచ్చింది. ప్రకటించిన ఖాళీలకు సరిపడా తయారుచేసిన లిస్టుకు కాలపరిమితి లేదని, తర్వాత ఖాళీల సంఖ్య మారినా అందులో పేరున్నవాళ్లకు ఉద్యోగం ఇచ్చే బాధ్యత ఆఫీసుదేనని అందులో ఉంది. నీది ఆ లిస్టు కాదు తల్లీ, నీది రిజర్వు. అది పెళ్లిలో రెండో బంతికి ఆగినవాళ్ల లాంటిది. మొదటి బంతిలో విస్తరి ఖాళీ అయితేనే పిలుపు, అది కూడా ఆ పూటే. 1994లో గుజరాత్ ఇంజనీర్ల కేసులో కోర్టు తేల్చింది కూడా ఇదే. వెయిటింగ్ లిస్టు, అంటే నీ రిజర్వు లాంటిది, ఆ నోటిఫికేషన్లో ఖాళీగా మిగిలినవాటికే. తర్వాత పుట్టిన ఖాళీలకు దాన్ని చెరువులా నిల్వ పెట్టుకుని తోడుకోవడానికి లేదు. కొత్త ఖాళీలు కొత్తగా పరీక్ష రాసేవాళ్లవి. న్యాయంగా ఆలోచిస్తే అదీ సబబే. నువ్వు రెండేళ్ల కిందట డిగ్రీ ఫైనలియర్లో ఉన్నప్పుడు పాత లిస్టులతోనే పోస్టులన్నీ నింపేసి ఉంటే నువ్వే నోరు చేసుకునేదానివి.

మన ఏపీపీఎస్సీలో అయితే 1997 నాటి జీవో 81 వల్ల వెయిటింగ్ లిస్టు అన్నదే లేదు, చేరకుండా మిగిలినవి మళ్లీ నోటిఫికేషన్‌కే పోతాయి. కేరళలో పద్ధతి వేరు. అక్కడ ర్యాంక్ లిస్టు మామూలుగా ఏడాది నుంచి మూడేళ్ల వరకు బతికి ఉంటుంది. కాబట్టి మీ వాట్సాప్ గ్రూపులో ఎవరో కేరళ ఆర్డర్ పెట్టారని మురిసిపోకు. మొదట చూడాల్సింది మీ నోటిఫికేషన్, మీ సంస్థ రూల్సు.

గడువు తీరాక ఏమీ చేయలేమా అంటే, మామూలుగా తలుపు మూసినట్టే. కానీ తప్పు వాళ్లదై ఉండాలి, నువ్వు అప్పటికే తలుపు తట్టి ఉండాలి. అప్పుడు సంగతి వేరు. 1999లో మహారాష్ట్ర విద్యుత్ బోర్డు కేసు ఉంది. ఎంపికైనతనికి అన్యాయంగా ఉద్యోగం ఇవ్వలేదు. ఆ గొడవ నడుస్తుండగా ప్యానెల్ గడువు తీరింది, ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చున్నారు. ఆ సాకుతో అతని హక్కు తీసేయడం కుదరదని సుప్రీంకోర్టు పోస్టు ఇప్పించింది. నీకు ఇంకా దగ్గరగా వచ్చేది దక్షిణ తూర్పు మధ్య రైల్వే కేసు. మిగిలిన పోస్టుల కోసం పెట్టుకున్న రీప్లేస్‌మెంట్ ప్యానెల్ ఉంది, ఖాళీలు ఉన్నాయి, అయినా వాళ్లను పిలవలేదు. నింపకపోవడానికి కారణం ఉండాలి కదా అని కోర్టు నిలదీసింది.

లిస్టు వచ్చిన పదో నెలలో నువ్వు వాళ్లకు మెయిల్ పెట్టానన్నావు చూడు, జవాబే రాలేదని విసుక్కున్నావు. నీ దగ్గరున్న కాగితాల్లో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపిస్తున్నది అదే. లిస్టు బతికి ఉండగా అడిగావన్నమాట. తేదీ కనిపించేలా రెండు ప్రింట్లు తీసి ఉంచు. నా ఐదు అర్జీల్లా ఇప్పుడు మళ్లీ మళ్లీ పెట్టుకుంటూ కూర్చోకు, అర్జీ మీద అర్జీ పెట్టినంత మాత్రాన గడువు పెరగదు. కేసు హైకోర్టులోనా, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల కేసులు చూసే ట్రిబ్యునల్ అయిన క్యాట్‌లోనా అన్నది ఆ సంస్థను బట్టి ఉంటుంది. క్యాట్ అయితే సాధారణంగా ఏడాది లోపలే వెయ్యాలి. హైకోర్టు రిట్‌కు అలా రాసిపెట్టిన గడువు లేదు గానీ, ఆలస్యంగా వస్తే మొదటి వాయిదాలోనే "ఇన్నాళ్లు ఏం చేశారు?" అంటారు. నేను విన్నాను ఆ మాట, ఒకసారి కాదు.

గ్రూపులో తలా ఆరు వేలు వసూలు చేస్తున్నారన్నావు. ఇప్పుడే పంపకు. డబ్బు కోసం కాదు, ఆ ఆరు వేలు నేనే ఇస్తాను. ముప్పై మంది పేర్లతో ఒకే రిట్ వేస్తే, నీ నాలుగో నంబరుకూ అవతల ఇరవై ఎనిమిదో నంబరుకూ ఒకటే కథ అయిపోతుంది. మిగిలింది ఆరు పోస్టులు. నీ వంతు వచ్చింది, అతని వంతు రాలేదు. మీ ఇద్దరిదీ ఒకే కేసు ఎలా అవుతుంది?

ముందు సమాచార హక్కు దరఖాస్తు పెడదాం. రుసుము పది రూపాయలు, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి, ఇవ్వకపోతే అప్పీలు. ఎన్ని పోస్టులు ప్రకటించారు, ఎంతమంది ఏ తేదీన చేరారు, చేరనివాళ్ల ఆర్డర్లు ఏ తేదీన రద్దు చేశారు, రిజర్వ్ లిస్టులో ఎన్నో నంబరు దాకా పిలిచారు, పిలవకూడదని నిర్ణయిస్తే ఆ నోట్ ఫైలు కాపీ, ఆ పనుల్లో ఇప్పుడు ఔట్‌సోర్సింగ్ వాళ్లున్నారా, అన్నీ అడిగాను. రద్దు తేదీలు ముఖ్యం. ఆ ఆర్డర్లు గడువు లోపల రద్దయి, కేటగిరీ కూడా నీదే అయి ఉంటే, మనకు కేసు ఉంది. లిస్టు మూసేశాక రద్దు చేసి ఉంటే అంత బలం ఉండదు. ఆ జవాబు పట్టుకుని మన ప్లీడరు గారి అబ్బాయి దగ్గరకు నేనే వెళ్తాను. ఇప్పుడు హైకోర్టులో ఆయనే చూస్తున్నాడు.

ఒకవేళ అంతా మనకు అనుకూలంగా ఉన్నా, వచ్చే నెల పరీక్ష మానొద్దు. కోర్టు వాయిదాలు నీ వయసు చూసి ఆగవు. 1998 డీఎస్సీలో టీచరు ఉద్యోగాలకు అర్హత సాధించి ఏళ్లకేళ్లు ఆగినవాళ్లను చూడు. 2022లో ప్రభుత్వం మినిమమ్ టైమ్ స్కేల్, అంటే ఆ పోస్టు స్కేలులో కనీస జీతం మీద తీసుకుంటామనేసరికి కొందరికి రిటైర్మెంట్ వయసు దగ్గరపడింది.

దరఖాస్తు రాసి ఈ కవర్లోనే పెట్టాను. పెన్సిల్ గుర్తు ఉన్నచోట సంతకం పెట్టు. ఆన్‌లైన్‌లో పెట్టేస్తానంటావేమో, సరే, కానీ రిజిస్ట్రేషన్ నంబరు నాకు పంపు. మీ అమ్మ మాగాయ పంపుతోంది, సీసా మూత బిగించానని చెప్పమంది. నీ లిస్టు ప్రింటుకు గుండుసూది గుచ్చకు, ప్లాస్టిక్ క్లిప్పు పెట్టు. నా కాగితానికి గుచ్చిన సూది ఈ సముద్రపు గాలికి తుప్పుపట్టి, ఇవాళ ముట్టుకోగానే విరిగిపోయింది. మరక మాత్రం సరిగ్గా గడువు రాసిన ఆ లైను మీదే మిగిలింది.

మీ నాన్న