కార్యదర్శి వార్షిక నివేదిక: గోడ మీది చార్టు నుంచి మంచం పక్కన ప్రశ్న దాకా

అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం. నియమావళి ప్రకారం సర్వసభ్య సమావేశంలో నివేదిక చదవాలి కాబట్టి చదువుతున్నాను. నిజం చెప్పాలంటే ఈసారి చదవాలని నాకూ ఉంది. మన నర్సుల సంఘం ఆశయాలు మీకు తెలియనివి కావు, అందుకని నేరుగా పనిలోకి వస్తాను.

ఈ ఏడాది ఎత్తుకున్నది ఒకటే పని. భాష, మతం, అలవాట్లు వేరైన పేషెంట్లకు వాళ్ల పద్ధతిని తెలుసుకుని సేవ చేయడం. మొదలుపెట్టడమే తప్పుగా మొదలుపెట్టాం. 'ఫలానా వాళ్లు ఇలా ఉంటారు' అని ఒక చార్టు రాసి వార్డుల్లో అంటించాలనుకున్నాం. డ్రాఫ్టు చూసిన ఒక సీనియర్ సిస్టర్ తన వాళ్ల గురించి రాసింది చదివి, "ఇందులో ఒక్కటీ నాకు వర్తించదు. రేపు నేను అడ్మిట్ అయితే నన్ను అడుగుతారా, గోడని చూస్తారా?" అన్నారు. చార్టు ఆ రోజే చించేశాం. ప్రింటింగ్‌కి ఇచ్చిన అడ్వాన్సు మాత్రం తిరిగి రాలేదు.

చార్టు బదులు కొన్ని ప్రశ్నలు పెట్టుకున్నాం. ఇవి మన సొంతం కాదు. మానసిక వైద్యుడు, మానవ శాస్త్రవేత్త ఆర్థర్ క్లైన్‌మన్ బృందం 1978లోనే ఇలాంటివి రాసింది. మీ బాధని మీరేమని పిలుస్తారు, ఎందుకొచ్చిందనుకుంటున్నారు, దీనిలో మీకు అన్నిటికన్నా భయం దేనికి? అడగడానికి ఎక్కువ సేపు పట్టదు, కానీ జవాబు కేస్ షీట్‌లో రాస్తేనే తర్వాతి డ్యూటీకి పనికొస్తుంది.

ఈ ఏడాది మనం గొప్పగా చెప్పుకోవలసింది ఒకరోజు శిక్షణ శిబిరం. ఉదయం మ్యాడలీన్ లైనింగర్ గురించి చెప్పుకున్నాం. 1950ల్లో పిల్లల మానసిక చికిత్సా కేంద్రంలో పనిచేస్తూ, ఒకే రకం సేవ అందరు పిల్లలకీ సరిపోవడం లేదని గమనించి, తర్వాత పాపువా న్యూ గినీ వెళ్లి గాడ్‌సప్ ప్రజల మధ్య ఉండి అధ్యయనం చేసిన నర్సు ఆవిడ. పేషెంట్ అలవాటుని ఉంచాలా, సర్దాలా, మార్చమని ఒప్పించాలా అన్న ఆవిడ మూడు దారుల్ని మన వార్డు అనుభవాలతోనే చర్చించాం. ముంజేతికి కట్టుకున్న తాడు క్యాన్యులాకి, అంటే సెలైన్ ఎక్కించే సన్నని గొట్టానికి, అడ్డొస్తే రెండో చేతికి పెట్టవచ్చు, తాడు అలాగే ఉంటుంది. ఉపవాసం ఉంటానన్న డయాబెటిస్ పేషెంట్ విషయంలో డాక్టర్‌తో మాట్లాడి ఇన్సులిన్ వేళలూ మోతాదూ సర్దాలి, ప్రమాదం ఎక్కువైతే ఆ మాట దాచకుండా చెప్పాలి. పుండు మీద ఏదో పసరు రాస్తుంటే మాన్పించాలి, తిట్టి కాదు. ఆ తాడుని అడక్కుండా కత్తెరతో కత్తిరించేసిన సంగతి మనలో ఒకరే లేచి ఒప్పుకున్నారు. పేషెంట్ తల్లి ఆ ముక్కలు ఏరుకుని కొంగున ముడేసుకుందట. చెబుతున్నావిడ గొంతు పూడుకుపోయింది, హాల్లో ఎవరూ కదల్లేదు.

మధ్యాహ్నం ఒక సభ్యురాలిని మంచం మీద పడుకోబెట్టి, ఆవిడకి రాని భాషలో కన్సెంట్ ఫారం వివరించాం. ప్రతి మాటకీ తలూపి సంతకం పెట్టేశారు. దేనికి ఒప్పుకున్నారని అడిగితే, "తెలీదు, మీరు విసుక్కుంటారని తలూపాను" అన్నారు. అప్పటినుంచి 'అర్థమైందా?' అనడం మానేసి, 'ఇంట్లో వాళ్లకి ఎలా చెబుతారో నాకు చెప్పండి' అని అడగడం చాలామంది అలవాటు చేసుకున్నారు.

ఇదంతా మర్యాదల గొడవేనా అని ఒక జూనియర్ అడిగింది. కాదు. 2020లో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనంలో, వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ చూసే పల్స్ ఆక్సీమీటర్ పట్టుకోలేకపోయిన ఆక్సిజన్ లోటు తెల్లవాళ్లలో కన్నా నల్లజాతి పేషెంట్లలో దాదాపు మూడు రెట్లు ఎక్కువసార్లు బయటపడింది. ముదురు రంగు చర్మం మీద బెడ్‌సోర్ ఎర్రగా కనపడకపోవచ్చు. చేత్తో తాకి వేడి, గట్టిదనం చూడాలి. ఆక్సిజన్ తగ్గితే వచ్చే నీలి రంగు కోసం పెదవి లోపలి వైపు చూడాలి.

శిబిరానికి హాలు ఇచ్చినవాళ్లకి, సెలవు పెట్టుకుని వచ్చి పాఠాలు చెప్పిన అధ్యాపకులకి, నైట్ డ్యూటీ దిగి నిద్రపోకుండా వచ్చి కుర్చీలు సర్దిన చెల్లెళ్లకి, వాళ్ల పిల్లల్ని ఆ పూట చూసుకున్న ఇంటివాళ్లకి, మైకు బాగుచేసిన వార్డుబాయ్‌కి, ఫారాలు ఓపిగ్గా టైపు చేసిన ఆఫీసు సిబ్బందికి ధన్యవాదాలు. ఎవరినైనా మర్చిపోయి ఉంటే మన్నించాలి.

ఇక దుబాసీల సంగతి. జీతం మీద దుబాసీని ఇమ్మని ఒక ఆసుపత్రి యాజమాన్యానికి మూడు అర్జీలు పెట్టాం. 'పరిశీలనలో ఉంది' అన్న జవాబు మూడుసార్లు వచ్చింది. ఈలోగా మనమే భాషలు తెలిసిన సభ్యుల జాబితా వేసుకున్నాం. పేరు రాసేటప్పుడు లైను కట్టారు, రాత్రి ఫోన్ చేస్తే ఎత్తేది మాత్రం ఆ ఇద్దరు ముగ్గురే. ఒక రాత్రి ఎవరూ దొరక్క, తల్లి గర్భసంచి ఆపరేషన్ సంగతి పదేళ్ల కొడుకు చేత చెప్పించాల్సి వచ్చింది. వాడు సగంలో ఆగి నేల చూపులు చూశాడు. వాడేం చెప్పాడో, ఏం మింగేశాడో మాకు తెలీదు. నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది.

ఆడిట్ అయిన లెక్కలు చివరి పేజీలో ఉన్నాయి. చార్టు నష్టం అందులోనే ఉంది. సందేహాలుంటే కోశాధికారిని అడగండి.

కొత్త జాబితా కాగితం గుమ్మం దగ్గర బల్ల మీద పెట్టాం. భాష పేరు, ఫోన్ నంబరు, ఏ రాత్రుళ్లు ఎత్తగలరో రాయండి. ఎత్తలేనివాళ్లు దయచేసి రాయకండి.