నాన్నా, అమ్మాయిని ఈ నెల తొందరపెట్టకు

నాన్నా,

ఫోన్‌లో చెబుదామంటే నువ్వెప్పుడూ స్పీకర్ ఆన్ చేసి వంటింటి గట్టు మీద పెట్టేస్తావు, కోడలమ్మాయి అక్కడే ఉంటుంది, తన గురించి తన ఎదురుగానే నీకు జాగ్రత్తలు చెప్తుంటే ఆ పిల్లకు ఎట్లా ఉంటుందోనని ఇలా రాస్తున్నా. మీటింగ్ మధ్యలో కాకుండా తీరిగ్గా చదువు. తనకు చూపించాలనిపిస్తే చూపించు, నాకేం దాపరికం లేదు.

మొన్న మారతహళ్లిలో నన్ను బస్సెక్కిస్తూ "ఇంక వచ్చే నెల నుంచి పిల్లల కోసం ట్రై చేయొచ్చు కదమ్మా" అన్నావు. అనంతపురం చేరేదాకా నాకు అదే ఆలోచన. నీ ఆత్రం నాకు తెలియనిది కాదు, పెళ్లయి నాలుగేళ్లయింది, అందరూ అడుగుతున్నారు. కానీ ఆ మాట ఇప్పుడే తనతో అనకు. తన గర్భసంచిలో పెరిగిన పాలిప్‌ను, అంటే ఆ చిన్న కండను, ఇప్పుడే కదా తీశారు. ముందు ఆ బ్లీడింగ్ ఆగాలి, తీసిన కండను ల్యాబ్‌లో పరీక్షించిన బయాప్సీ రిపోర్ట్ రావాలి, ఒక పీరియడ్ వచ్చి పోవాలి. మిగతావన్నీ ఆ తర్వాతే.

నేను గైనిక్ వార్డులో డ్యూటీలు చేసిన రోజుల్లో గర్భసంచి లోపల ఏముందో కనపడకుండానే క్యూరెట్ అనే పరికరం పెట్టి గీకేవాళ్లు. పాలిప్ మెత్తగా ఉంటుంది కదా, పక్కకు తప్పుకుని అక్కడే మిగిలిపోయేది, కొన్నాళ్లకు ఆ మనిషి మళ్లీ అదే బ్లీడింగ్‌తో వచ్చేది. ఇప్పుడు హిస్టరోస్కోపీలో సన్నటి గొట్టంతో కెమెరా పంపి, సెలైన్‌తో గర్భసంచిని కొంచెం ఉబ్బించి, స్క్రీన్ మీద చూస్తూ మొదలంటా తీసేస్తున్నారు. కోత లేదు, కుట్టు లేదు. అందుకే సాయంత్రానికి ఇంటికి పంపేశారు. అంత త్వరగా పంపేశారు కాబట్టి పెద్ద విషయం కాదని నువ్వు అనుకున్నట్టున్నావు. ఒంటికి పెద్ద విషయం కాకపోవచ్చు, ఆ పిల్ల మనసుకు మాత్రం చాలా పెద్దదే.

ఫైల్లో ఒక ఫోటో ఉంది, నువ్వు సరిగ్గా చూశావో లేదో. గులాబీ రంగు గోడ, దాని మీంచి వేలాడుతూ చింతగింజంత కండ. ఆ రాత్రి నువ్వు పడుకున్నాక తను హాల్లో లైటు వేసుకుని, పొట్ట మీద వేణ్ణీళ్ల బ్యాగు పెట్టుకుని, ఆ ఫోటో చూస్తూ కూచుంది. నేను లేచి వెళ్తే, "అత్తయ్యా, నేను ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని పని చేస్తా కదా, దాని వల్లేనా ఇది? నైట్ షిఫ్టుల వల్లా?" అని అడిగింది. కాదమ్మా అన్నా. గర్భసంచి లోపలి పొర ప్రతి నెలా పెరుగుతుంది, రాలిపోతుంది. ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ ప్రభావంతో ఒక్కోచోట ఆ పొర అతిగా పెరిగి ఇలా కండలా నిలబడిపోతుంది. తను ల్యాప్‌టాప్ ఎక్కడ పెట్టుకుందన్నదానితో దీనికి సంబంధం లేదు. చాలామందికి అది ఉన్నట్టే తెలియదు, అది ఉండగానే పిల్లల్ని కన్నవాళ్లూ ఉన్నారు. తను తల ఊపింది గానీ పూర్తిగా నమ్మినట్టు అనిపించలేదు. ఈ మాట నీ నోటి నుంచి కూడా వినాలి తను, ఒకసారి కాదు, నాలుగైదు సార్లు.

ఇప్పుడు ఇంట్లో చూసుకోవాల్సినవి. మొదటి రెండు రోజుల నొప్పి తగ్గిపోయి ఉంటుంది, పీరియడ్స్ నొప్పి లాంటిదే అది. కొంచెం నెత్తురు, తర్వాత గోధుమ రంగు, నీళ్లలా పలచగా కొన్ని రోజులు కనపడుతుంది, కొందరికి రెండు వారాల దాకా కూడా. దానికి కంగారొద్దు. కానీ గంటకొక ప్యాడ్ పూర్తిగా తడిసిపోతున్నా, 100.4 దాటి జ్వరం వచ్చినా, చెడు వాసన వస్తున్నా, నొప్పి తగ్గాల్సింది పోయి పెరుగుతున్నా, పొద్దున చూద్దాంలే అనుకోకుండా అర్ధరాత్రైనా సరే క్యాబ్ పిలిచి క్యాజువాలిటీకి తీసుకెళ్లు. ట్యాంపన్లు, మెన్‌స్ట్రువల్ కప్పులు వద్దు, ప్యాడ్లే. బకెట్ స్నానం చేయొచ్చు, మీ అపార్ట్‌మెంట్ స్విమ్మింగ్ పూల్ మాత్రం కొన్నాళ్లు వద్దు. ఆ బ్లీడింగ్ పూర్తిగా ఆగి, డాక్టర్ సరే అనేదాకా దగ్గరవకండి. నేను తల్లినైనా నర్సుగా కూడా చెప్తున్నా, సిగ్గుపడి ఈ లైన్ వదిలేయకు. పాలిప్ తీసిన చోట లోపల ఇంకా పచ్చిగా ఉంటుంది, ఇన్‌ఫెక్షన్ తగిలితే అసలు మనం కోరుకునేదానికే అడ్డం.

మంచం మీద కదలకుండా పడుకోవాల్సిన అవసరం లేదు, ఇంట్లో నడవనివ్వు, ఓపిక ఉంటే ఆఫీసుకూ వెళ్తుంది. కానీ నీ బైక్ మీద ఔటర్ రింగ్ రోడ్డు గుంతల్లో ఎగరేసుకుంటూ తీసుకెళ్లొద్దు, ఇంకా పొత్తికడుపు నొప్పిగా ఉన్న మనిషికి అదొక నరకం.

ఆ వచ్చే పీరియడ్ కొంచెం ముందో వెనకో, ఎక్కువో తక్కువో రావచ్చు. పాలిప్ తీసిన చోట పుండు చాలామందికి నెలలోపే మానిపోతుంది, అందుకే ఒక పీరియడ్ అయ్యాక ప్రయత్నించొచ్చని సాధారణంగా చెప్తారు. పెద్ద ఫైబ్రాయిడ్, అంటే గర్భసంచి కండరంలో పెరిగే గడ్డ, కోసిన వాళ్లకు ఇంకా ఎక్కువ టైమ్ పడుతుంది, మన అమ్మాయిది ఆ కేసు కాదు. పాలిప్ ఉంటే పిండం అంటుకోవడానికి అడ్డం కావచ్చు, అండం వచ్చే ట్యూబు నోటి దగ్గర ఉంటే వీర్యకణాల దారికీ అడ్డమే. స్పెయిన్‌లో డాక్టర్లు ఐయూఐకి (వీర్యాన్ని నేరుగా గర్భసంచిలోకి పంపే చికిత్సకు) సిద్ధమవుతున్న, పాలిప్ ఉన్న ఆడవాళ్ల మీద ఒక పరిశోధన చేసి 2005లో అచ్చు వేశారు. మొత్తం 204 మందిలో దాదాపు సగం మందికి పాలిప్ తీసేశారు, మిగతా వాళ్లకు పరీక్షకు చిన్న ముక్క మాత్రం తీసి వదిలేశారు. తీసినవాళ్లలో 64 మందికి గర్భం వచ్చింది, వదిలేసినవాళ్లలో 29 మందికే వచ్చింది. ఆ 64 మందిలోనూ ఎక్కువ మందికి మొదటి ఐయూఐ కూడా చేయకముందే నిలిచింది. నాకు ఇది చదివి ఎంత ధైర్యం వచ్చిందో. అయితే తీసినవాళ్లలోనూ మూడో వంతు పైగా మందికి ఆ కొద్ది నెలల్లో రాలేదు, అది కూడా గుర్తు పెట్టుకో. ఆపరేషన్ అయింది కాబట్టి రెండో నెలకే శుభవార్త చెప్పాలని తన మీద బరువు పెట్టకు. తనలా 35 లోపు వయసుంటే, ఏ ఇబ్బందీ లేని జంటకైనా ఏడాది చూడమంటారు, మీకు ముందే ఆలస్యమైంది కాబట్టి ఎన్నాళ్లు ఆగాలో డాక్టరమ్మనే అడగండి. ఫోలిక్ యాసిడ్ ఇప్పటి నుంచే వాడాలా, ఎంత డోసు అన్నది కూడా.

బయాప్సీ అనే మాటకు హడలిపోకండి. తీసిన ప్రతిదాన్నీ పంపిస్తారు. పీరియడ్స్ ఆగిపోయిన వయసులో అయితే అనుమానం కొంచెం ఎక్కువ, ఈ వయసులో చాలావరకు మామూలు కండే. పాలిప్స్ మళ్లీ వచ్చే అవకాశం మాత్రం ఉంది, కాబట్టి పీరియడ్ల మధ్యలో స్పాటింగ్, అంటే కొంచెంగా నెత్తురు, కనపడితే దాచుకోకుండా స్కాన్ చేయించుకోవాలి, పీరియడ్ అయిపోగానే చేయిస్తే పొర పలచగా ఉండి బాగా కనపడుతుంది.

ఇక అసలు విషయం. ఈ నాలుగేళ్లలో తనకు ఎన్ని స్కాన్లు, ఎన్ని రక్త పరీక్షలు, ఇప్పుడు ఈ ఆపరేషన్. నీకు ఒక్క సెమెన్ అనాలిసిస్, అంటే వీర్య పరీక్ష, కూడా చేయలేదట. పిల్లలు ఆలస్యమయ్యే జంటల్లో మగవాడి వైపు కారణం ఉండటం చాలా మామూలు. సూది లేదు, మత్తు లేదు. రెండు నుంచి ఏడు రోజులు ఆగి శాంపిల్ ఇస్తే చాలు, తేడా వస్తే కొన్నాళ్లకు ఇంకోసారి చేస్తారు. వీర్యకణాలు తయారవడానికి రెండు నెలలకు పైనే పడుతుంది, కాబట్టి బాల్కనీలో ఆ సిగరెట్ ఇవాళ మానేస్తే దాని ఫలితం అప్పటికి కనపడుతుంది. సిగరెట్ సంగతి నాకు ముందే తెలుసు నాన్నా.

మీ పిన్ని ఫోన్ చేసి ఏదో నాటు కషాయం పంపిస్తానంటోంది, వద్దని నేను చెప్పేశాను, మళ్లీ నీకు చేస్తే నువ్వు కూడా అదే చెప్పు. ఘాటి సుబ్రహ్మణ్య స్వామికి మొక్కుకున్నాను, నా నమ్మకం నాది, తను తేరుకున్నాక తనకు ఇష్టమైతేనే తీసుకెళ్లు, నాగప్రతిష్ఠ అంటూ ఎవరూ బలవంతం చేయొద్దు. "ఏమైనా విశేషమా" అని అడిగే ప్రతి ఒక్కరికీ ఇకమీదట నువ్వే జవాబు చెప్పు. ఫోన్ తన చేతికి ఇచ్చి పక్క గదిలోకి పోవద్దు.

రివ్యూ రోజు పూర్తి లీవు పెట్టు. బయట కుర్చీలో ఫోన్ చూస్తూ కూర్చోకుండా నువ్వు కూడా డాక్టర్ గదిలోకి వెళ్లు, నేను రాసినవన్నీ అడుగు, నీ టెస్టు కూడా ఆ చీటీ మీదే రాయించుకో. రాయించుకున్నాక నాకు ఒక మెసేజ్ పెట్టు.

అమ్మ