రద్దయిన విహారయాత్ర డబ్బు ఎవరిది? విద్యాశాఖ మంత్రి గారికి ఒక తండ్రి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి,

నెల్లూరు నుంచి ఒక విద్యార్థి తండ్రి నమస్కరించి రాయునది.

మా అబ్బాయి చదివే ప్రైవేటు పాఠశాల వారు, తొమ్మిదో తరగతి పూర్తిచేసిన పిల్లలకు 2025 వేసవిలో ఢిల్లీ, ఆగ్రా, అమృత్‌సర్ చూపిస్తామని చెప్పి ఒక్కొక్కరి దగ్గర 18,500 రూపాయలు కట్టించుకున్నారు. మే రెండో వారంలో ప్రయాణం. ఈలోగా ఏప్రిల్ 22న పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని పొట్టనబెట్టుకున్నారు. ఆ మృతుల్లో మన కావలికి చెందిన ఒకాయన కూడా ఉండడంతో, అది ఎక్కడో జరిగిందిలే అని పేపరు మడిచి పక్కన పెట్టే వార్త కాలేదు మా జిల్లాలో ఎవరికీ. మే 7న ఆపరేషన్ సిందూర్ మొదలై, అమృత్‌సర్‌తో సహా ముప్పైకి పైగా విమానాశ్రయాలను పౌర విమానాలకు మూసివేసిన తరువాత, బయలుదేరడానికి నాలుగు రోజులు ఉందనగా, యాత్ర రద్దయిందని రాత్రిపూట మా ఫోన్లకు ఒక వాట్సాప్ సందేశం వచ్చింది.

రద్దు చేయడం నూటికి నూరుపాళ్లు సరైన పని. ఆ విషయంలో యాజమాన్యం మీద నాకు ఎటువంటి ఫిర్యాదూ లేదు. సరిహద్దుకు కూతవేటు దూరంలో ఉన్న ఊరికి ఆ రోజుల్లో పిల్లల్ని పంపాలని ఏ కన్నవాళ్లూ కోరుకోరు. నా ఫిర్యాదంతా ఆ తరువాత జరిగినదాని గురించి. మేము కట్టిన దానిలో ఒక్క రూపాయి ఇంతవరకు మా చేతికి తిరిగి రాలేదు.

డబ్బు కట్టే ముందు మా చేత సంతకం పెట్టించుకున్న అంగీకార పత్రం జిరాక్సు కాపీ నా దగ్గర ఉంది. పైన పాఠశాల పేరు, మధ్యలో రంగుల్లో తాజ్‌మహల్ బొమ్మ, అడుగున సంతకం గీతకు కాస్త పైన చిన్న అక్షరాల్లో ఇంగ్లిషులో రెండు వాక్యాలు ఉన్నాయి. ప్రయాణంలో పిల్లలకు ఏ ప్రమాదం జరిగినా యాజమాన్యానికి బాధ్యత లేదన్నది మొదటిది. ఒకసారి చెల్లించిన సొమ్ము ఏ కారణం చేతనైనా సరే తిరిగి ఇవ్వబడదన్నది రెండోది. అంటే, వెళ్తే ప్రాణానికి పూచీ లేదు, వెళ్లకపోతే పైకానికి పూచీ లేదు. ఇక ఈ యాత్రలో పాఠశాల తన మీద వేసుకున్న బాధ్యత ఏమిటో ఆ కాగితాన్ని ఎన్నిసార్లు తిరగేసినా కనబడదు. పైగా డబ్బు పాఠశాల ఖాతాకు కట్టించుకోలేదు. క్లాస్ టీచరు నంబరుకు ఫోన్‌పే చేయమన్నారు, ఫోన్లో మిగిలిన స్క్రీన్‌షాట్ తప్ప మాకు వేరే రశీదు లేదు. పాపం, ఆ టీచరమ్మ పైవాళ్లు చెప్పినట్టు చేశారు. ఇప్పుడు అందరి చేతా మాటలు పడుతున్నదీ ఆమే.

సొమ్ము మొత్తం టూర్ ఏజెంటుకు కట్టేశామని, ఆయన హోటళ్లకు, రైలుకు కట్టేశాడని, ఎవరి దగ్గరి నుంచీ వెనక్కి వచ్చే దారి లేదని పాఠశాల వారి జవాబు. ఈ జవాబును ఒక్కో పద్దుగా పరిశీలించవలసిందిగా తమను కోరుతున్నాను. నెల్లూరు నుంచి ఢిల్లీకి వెళ్లిరావడానికి స్లీపర్ బెర్తులు. ఖరారైన స్లీపర్ టికెట్టును రైలు బయలుదేరడానికి 48 గంటల కంటే ముందు రద్దు చేసుకుంటే ఒక్కొక్కరికి 120 రూపాయలు మినహాయించుకుని మిగతాది వెనక్కి ఇవ్వడం అప్పటి రైల్వే నిబంధన. మా యాత్ర నాలుగు రోజుల ముందు రద్దయింది. మరి ఆ టికెట్ల డబ్బు ఎవరి ఖాతాలో పడింది? తిరగని బస్సుకు డీజిలు ఖర్చు కాలేదు, వండని భోజనానికి బియ్యం ఖర్చు కాలేదు. ఏజెంటు నోటిమాటగా చెప్పిన లెక్కలో ప్రవేశ టికెట్లు కూడా ఉన్నాయి. పదిహేనేళ్ల లోపు పిల్లలకు తాజ్‌మహల్, ఎర్రకోట, కుతుబ్ మినార్ వంటి పురావస్తు శాఖ కట్టడాల్లో ప్రవేశ రుసుము లేనే లేదు, మా పిల్లల్లో చాలామందికి అప్పటికి పద్నాలుగేళ్లే. హోటల్ అడ్వాన్సు కొంత పోయి ఉండవచ్చు. అది నేను కాదనను. పోయినదెంతో రశీదుతో చూపిస్తే దాన్ని భరించడానికి చాలామంది తల్లిదండ్రులు సిద్ధంగానే ఉన్నారు. చూపించమన్నప్పుడే సమాధానం లేదు. పహల్గాం ఘటన జరిగిన వెంటనే ఎయిర్ ఇండియా, ఇండిగో సంస్థలు శ్రీనగర్ టికెట్ల రద్దు రుసుమును ఆ నెలాఖరు దాకా మాఫీ చేశాయి. వ్యాపారం కోసమే పుట్టిన కంపెనీలు చేసిన పాటి పని, విద్యాలయమని బోర్డు పెట్టుకున్నవారు చేయలేకపోవడం విచారకరం.

కావాలంటే ఆ డబ్బు వచ్చే ఏడాది యాత్రలో సర్దుబాటు చేస్తామని ఒక దశలో అన్నారు. పదో తరగతి పిల్లలను స్టడీ అవర్ల నుంచి గంటసేపు బయటకు వదలని పాఠశాల అది, యాత్రకు ఎప్పుడు తీసుకువెళ్తుంది? పది పూర్తి కాగానే వాళ్లు ఇంటర్‌కు వేరే కళాశాలల్లో చేరిపోతారు. ఆ సర్దుబాటు ఎవరికీ అక్కరకు రాదని అన్నవారికీ తెలుసు, విన్నవారికీ తెలుసు.

మా పక్క వీధిలో మిషను కుట్టే ఒక తల్లి, కూతురు అందరితో పాటు వెళ్లకపోతే చిన్నబుచ్చుకుంటుందని చీటీ పాడి ఈ డబ్బు కట్టారు. నెలనెలా చీటీ వాయిదా మాత్రం తప్పలేదు. వెళ్లి గట్టిగా అడుగుదాం రమ్మంటే, "వద్దు అన్నా, పిల్ల ఇంకా అక్కడే చదవాల" అన్నారు. హాల్ టికెట్టు, టీసీ, అన్నీ వాళ్ల చేతిలో ఉన్నప్పుడు అడిగే నోరు ఎలా పెగులుతుంది? తమ కార్యాలయానికి ఇటువంటి ఫిర్యాదులు పెద్దగా రాకపోతే దానికి కారణం ఈ భయమేనని గమనించగలరు.

అయితే, మంత్రి గారూ, కొంతమంది తల్లిదండ్రుల డబ్బు పోయిందన్న ఒక్క బాధతోనే అయితే ఈ లేఖ తమకు రాసేవాణ్ని కాను. తిరిగిరాని డబ్బు పిల్లల ప్రాణాల మీదకు తెస్తుందన్నది నా అసలు ఆందోళన. ఏప్రిల్ చివరి వారంలోనే మేము కొందరం వెళ్లి యాత్రను వాయిదా వేయమని అడిగాం. "ఏజెంటుకు కట్టేశాం, ఇప్పుడు మానుకుంటే అంతా పోతుంది, చూద్దాం" అన్నారు. ఆ చూడడంలోనే రెండు వారాలు గడిచిపోయాయి. విమానాశ్రయాలు మూతపడకపోయి ఉంటే బహుశా పిల్లల్ని రైలు ఎక్కించేవారే. దేశం దృష్టి అంతా సరిహద్దు మీద ఉంది కాబట్టి ఈసారి నిర్ణయం తప్పలేదు. ఒక వాగు పొంగుతోందనో, బస్సు డ్రైవరు నిద్ర లేకుండా నడుపుతున్నాడనో వచ్చే చిన్న అనుమానానికి, తలకు 18,500 చొప్పున పోగొట్టుకుని యాత్ర ఆపే ధైర్యం ఏ ప్రిన్సిపాలుకు ఉంటుంది? తల్లిదండ్రులదీ అదే పరిస్థితి. ఎటూ డబ్బు వెనక్కి రాదు కదా అని మనసు పీకుతున్నా పంపిస్తారు.

విద్యార్థుల యాత్రలు ఎలా విషాదంగా ముగుస్తాయో మనకు తెలియనిది కాదు. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో లార్జీ డ్యాం నుంచి వదిలిన నీటికి బియాస్ నదిలో కొట్టుకుపోయిన హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది. 2024 జనవరి 18న వడోదర హరణి చెరువులో పరిమితికి మించి ఎక్కించిన పడవ బోల్తాపడి పిక్నిక్‌కు వెళ్లిన 12 మంది చిన్నారులు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. బడి యాత్ర కాకపోయినా, 2017 నవంబరు 12న కృష్ణానదిలో పవిత్ర సంగమం దగ్గర జరిగిన పడవ ప్రమాదాన్ని ఒంగోలు ఇప్పటికీ మరిచిపోలేదు, పోయినవారిలో ఆ ఊరివారే చాలామంది గనుక. ఇలాంటి ప్రతి ప్రమాదం తరువాతా, ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు ఆగుదామని అని ఉంటే బాగుండునని అనుకుంటాం. ఆగుదామన్న మనిషి మీద లక్షల నష్టం పడని ఏర్పాటు ఉండాలన్నదే నా విన్నపం.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల వారికి ఇది యుద్ధాలు వచ్చినప్పుడు మాత్రమే తలెత్తే సమస్య కూడా కాదు. బడుల్లో యాత్రల కాలం నవంబరులో మొదలై సంక్రాంతి దాకా నడుస్తుంది. మా తీరానికి వాయుగుండాల కాలం కూడా సరిగ్గా అదే. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు దెబ్బతిని చెన్నై, విజయవాడల మధ్య రాకపోకలు ఆగిపోయాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను మా తీరం వెంబడే సాగి బాపట్ల దగ్గర తీరం దాటింది. నేలపట్టు పక్షులను చూడాలన్నా, పులికాట్‌కు వెళ్లాలన్నా, సోమశిల డ్యాం చూపించాలన్నా, అరకు, ఊటీలకు బస్సు కట్టాలన్నా అందరూ ఎంచుకునేది ఈ నెలలనే. కాబట్టి ఏటా కొన్ని యాత్రలు రద్దు కాక తప్పదు. రద్దు కావాలి కూడా.

న్యాయం కోసం ఎక్కడికి వెళ్లాలో చూశాను. వినియోగదారుల కమిషన్‌కు వెళ్దామంటే, విద్యాసంస్థలు జరిపే విహారయాత్రలు, పిక్నిక్‌లు, ఈత, ఆటల వంటివి వినియోగదారుల చట్టం పరిధిలోకి రావని జాతీయ కమిషన్ విస్తృత ధర్మాసనం 2020 జనవరి 20న తీర్పు చెప్పి ఉంది. ఏజెంటును పట్టుకుందామంటే, తాను ఒప్పందం చేసుకున్నది పాఠశాలతోనని, మేమెవరో తనకు తెలియదని అంటాడు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 56, 65 సెక్షన్లు, నెరవేర్చడం అసాధ్యమైన ఒప్పందం చెల్లదని, దాని కింద లాభం పొందినవారు దాన్ని తిరిగి ఇవ్వాలని చెబుతున్నాయి. చట్టం మా వైపే ఉందన్న ధైర్యంతో సివిల్ కోర్టు మెట్లెక్కితే, 18,500 రూపాయల కోసం పెట్టుకున్న వకీలు ఫీజుకే ఆ 18,500 చాలదు. భయపడి మానుకున్న ప్రయాణానికి మామూలు ప్రయాణ బీమాలో సాధారణంగా పరిహారం రాదు కాబట్టి ఆ దారీ లేదు.

అందువల్ల ప్రభుత్వ ఉత్తర్వు ఒక్కటే మాకు మిగిలిన ఆధారం. ఫీజుల మీద, ప్రమాణాల మీద నిఘా కోసం 2019లో చట్టం చేసి పాఠశాల విద్యా నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్‌ను రాష్ట్రం ఏర్పాటు చేసుకుంది. విహారయాత్ర పేరుతో వసూలు చేసే సొమ్మును కూడా ఆ కమిషన్ పరిశీలనలోకి తీసుకురావాలి. డబ్బు పాఠశాల బ్యాంకు ఖాతాలోనే పడాలి, రశీదు ఇవ్వాలి, రైలుకెంత, బసకెంత, భోజనానికెంత, ఏజెంటుకెంత అన్న పద్దు వసూలుకు ముందే తెలుగులో రాసి ఇవ్వాలి. కలెక్టరు సెలవు ప్రకటించినా, వెళ్లే దారికో ఊరికో వాతావరణ శాఖ రెడ్ అలర్ట్ ఇచ్చినా, వెళ్లే చోట ప్రభుత్వం రాకపోకలు ఆపినా, అప్పుడు యాత్ర రద్దు కావడం, బిల్లులతో రుజువైన ఖర్చు పోను మిగిలిన సొమ్ము నెల రోజుల్లో కట్టినవారికి చేరడం నిబంధన కావాలి. ఆ ఖర్చును కూడా తల్లిదండ్రులే పూర్తిగా మోయకుండా సగం యాజమాన్యం భరించాలన్నది నా అభిప్రాయం. అప్పుడు గానీ ఏజెంటుతో ఒప్పందం రాసుకునేటప్పుడు రద్దు షరతు గురించి వాళ్లు గట్టిగా మాట్లాడరు. ఇక "తిరిగి ఇవ్వబడదు", "బాధ్యత లేదు" అన్న ఆ రెండు వాక్యాలు ఏ పాఠశాల పత్రంలో ఉన్నా చెల్లవని ప్రకటించాలి.

చిన్న పాఠశాలలకు ఇది భారమవుతుందన్న వాదన వస్తుంది. నాలుగు గదుల బడి నడుపుకునేవారి కష్టం నాకు తెలుసు, కానీ వాళ్లలో చాలామంది పిల్లల్ని బస్సులో పొద్దున తీసుకువెళ్లి సాయంత్రం తీసుకొస్తారు. అందులో మునిగిపోయేంత అడ్వాన్సులు ఉండవు. వేల రూపాయల యాత్రలు పెట్టేది పెద్ద పాఠశాలలు.

దసరా సెలవులు అయిన వెంటనే శీతాకాలపు యాత్రల సర్క్యులర్లు పిల్లల డైరీల్లో ఇంటికి రావడం మొదలవుతుంది. ఉత్తర్వు అంతకు ముందే వెలువడేలా చూడవలసిందిగా, 2025 వేసవిలో రద్దయిన యాత్రల లెక్కలను జిల్లా విద్యాశాఖాధికారుల ద్వారా తెప్పించుకోవలసిందిగా సవినయంగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక పదో తరగతి విద్యార్థి తండ్రి,
నెల్లూరు.

ప్రతులు: జిల్లా కలెక్టరు గారికి, జిల్లా విద్యాశాఖాధికారి గారికి.