చేతి తుపాకీకి రైఫిల్ స్కోపు బిగించవచ్చా?

సంపాదకుల వారికి,

నమస్కారాలు. టెక్సాస్‌లో అడవి పందుల వేట గురించి మీ ప్రవాసుల పేజీలో ఇటీవల ప్రచురించిన వ్యాసం చాలావరకు బాగానే ఉంది. పంటలను కుళ్లగించే పందుల బెడద గురించి, భూమి యజమాని అనుమతి తీసుకోవడం గురించి వ్యాసకర్త చెప్పిన మాటలతో నాకు పేచీ లేదు. అయితే, పెద్ద కాలిబర్ (తూటా వ్యాసం) ఉన్న రివాల్వర్‌తో వేటకు వెళ్లేవారు ఇంట్లో ఉన్న రైఫిల్ స్కోపునే తీసి దానికి బిగించుకుంటే ఖర్చు కలిసివస్తుందనీ, స్కోపు ఎంత పెద్దదిగా చూపిస్తే గురి అంత బాగా కుదురుతుందనీ రాసిన రెండు మాటలూ పొరపాటు. మొదటిదాన్ని నమ్మినవారికి కనుబొమ్మ చిట్లుతుంది. రెండోదాన్ని నమ్మినవారి తూటాకు జంతువు గాయపడి, ప్రాణం పోక పొదల్లోకి పారిపోతుంది. ఇక్కడ స్థిరపడిన మనవాళ్లలో వేటకు వెళ్లేవారు తక్కువే అయినా, కొత్తగా మొదలుపెట్టేవారు తెలుగులో కనిపించిన సమాచారాన్ని ఇట్టే నమ్ముతారు కాబట్టి ఈ విషయాన్ని కొంచెం వివరంగా రాస్తున్నాను.

స్కోపులోంచి దృశ్యం పూర్తిగా కనిపించాలంటే కంటికీ, స్కోపు వెనుక అద్దానికీ మధ్య ఇంత దూరం ఉండాలని ఒక లెక్క ఉంటుంది. షూటర్లు దాన్ని ఐ రిలీఫ్ అంటారు. రైఫిల్ మడమను భుజానికి ఆనించి, చెంపను దాని మీద పెట్టి చూస్తాం కాబట్టి రైఫిల్ స్కోపుల ఐ రిలీఫ్ సాధారణంగా మూడు నాలుగు అంగుళాలు ఉంటుంది. రివాల్వర్‌ను రెండు చేతులూ చాచి పట్టుకుంటాం. అందుకే చేతి తుపాకీ కోసం ప్రత్యేకంగా చేసే స్కోపులకు సుమారు 12 నుంచి 24 అంగుళాల ఐ రిలీఫ్ పెడతారు. రైఫిల్ స్కోపును రివాల్వర్ మీద పెట్టి చేతులు చాచి చూస్తే, నల్లటి వలయం నడుమ చిన్న వెలుగు తునక తప్ప మరేమీ కనిపించదు. అప్పుడు చాలామంది చేసే పని మోచేతులు మడిచి తుపాకీని ముఖం దగ్గరకు లాక్కోవడం. .44 మాగ్నమ్ అనే శక్తిమంతమైన తూటాను పేల్చినప్పుడు తుపాకీ వెనక్కీ పైకీ ఒకేసారి తన్నుతుంది. మూడంగుళాల దూరంలో ఉన్న స్కోపు అంచు వచ్చి తగిలేది సరిగ్గా కనుబొమ్మకే. స్కౌట్ స్కోపులని రైఫిళ్లకే మరో రకం ఉంది. వాటి ఐ రిలీఫ్ తొమ్మిది పది అంగుళాలు ఉంటుంది గానీ, చాచిన చేతులకు అదీ చాలదు.

ఈ తుపాకుల్లో ఎక్కువ భాగం ఇనుప సైట్లను (అద్దాలు లేని గురి గుర్తులను) దృష్టిలో పెట్టుకొని పుట్టినవే. 1955 చివర్లో స్మిత్ అండ్ వెస్సన్ .44 మాగ్నమ్ రివాల్వర్‌ను తెచ్చినప్పుడు దాని మీద ఉన్నవి ముందొక పలక, వెనకొక గాడి మాత్రమే. 1967లో వచ్చిన థాంప్సన్ సెంటర్ కంటెండర్ అనే ఒంటి తూటా పిస్తోలు చేతి తుపాకీకి స్కోపు పెట్టుకునే అలవాటును బాగా పెంచింది. 1987లో రూగర్ కంపెనీ సూపర్ రెడ్‌హాక్‌ను తయారుచేసినప్పుడు, ఫ్రేమును ముందుకు సాగదీసి స్కోపు రింగులు నేరుగా కూర్చునేలా అందులోనే గాళ్లు చెక్కింది. ఆ తర్వాత 2003లో .500, 2005లో .460 స్మిత్ అండ్ వెస్సన్ మాగ్నమ్‌లు వచ్చాయి. శక్తి పెరిగినకొద్దీ స్కోపు మీద పడే దెబ్బ కూడా పెరిగింది. ఏ సైటు కొనాలన్న ప్రశ్నకు జవాబు చెప్పే ముందు అది ఏ తూటాకు, ఎంత దూరానికి అని ఎదురు అడగవలసి రావడం అందుకే.

ఇనుప సైట్లను తీసిపారేయవలసిన అవసరం లేదు. వాటికి బ్యాటరీ అక్కర్లేదు, బరువు లేదు, ఛాతీకి కట్టుకునే ఒరలో తుపాకీ సులువుగా ఇముడుతుంది. పొదల మధ్య 25, 30 గజాల దూరంలో పంది ఎదురైనప్పుడు అవే చాలు. దూరం పెరిగేకొద్దీ వచ్చే ఇబ్బంది చిన్న లెక్క వేస్తే తెలుస్తుంది. ముందు, వెనుక సైట్ల మధ్య పది అంగుళాల ఎడం ఉన్న రివాల్వర్‌లో, ముందు పలక గాడిలో అంగుళంలో నూరో వంతు పక్కకు ఒరిగినా తూటా 50 గజాల దగ్గర 1.8 అంగుళాలు, 100 గజాల దగ్గర 3.6 అంగుళాలు తప్పుతుంది. పైగా, అంగుళంలో ఎనిమిదో వంతు వెడల్పున్న పలక కంటికి మూడడుగుల లోపే ఉంటుంది కాబట్టి 100 గజాల దగ్గర అడుగుకు పైగా వెడల్పును కప్పేస్తుంది. తెల్లతోక జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు అడ్డంగా ఎనిమిది అంగుళాలకు అటూ ఇటూగా ఉంటుంది. అంటే గురి పెట్టవలసిన చోటు మొత్తం పలక వెనకాలే దాగిపోతుంది. నలభై దాటి దగ్గర చూపు తగ్గినవారికైతే ముందు పలకే అలికినట్టు కనిపిస్తుంది. పగటి వెలుగును పట్టి మెరిసే ఫైబర్ ఆప్టిక్ కడ్డీ ఉన్న పలకలు కొంత ఊరటనిస్తాయి గానీ, పొద్దుగూకే వేళకు ఆ మెరుపూ తగ్గిపోతుంది.

నా ఉద్దేశంలో .44 మాగ్నమ్, .454 కాసల్ రివాల్వర్లతో 75 గజాల లోపు వేటాడేవారికి రెడ్ డాట్‌ను, అంటే అద్దంలో ఎర్రటి వెలుగు చుక్కను చూపే సైటును మించినది లేదు. దానికి ఐ రిలీఫ్ లెక్కే లేదు. కన్ను ఎంత దూరంలో ఉన్నా చుక్క కనిపిస్తుంది, రెండు కళ్లూ తెరిచి చూడవచ్చు, జంతువు మీదే దృష్టి నిలపవచ్చు. చుక్క పరిమాణాన్ని మినిట్ ఆఫ్ యాంగిల్ కొలతలో చెబుతారు. ఒక మినిట్ అంటే 100 గజాల దగ్గర దాదాపు ఒక అంగుళం. 4 మినిట్ల చుక్క 50 గజాల దగ్గర రెండంగుళాలు, 100 గజాల దగ్గర నాలుగంగుళాలు కప్పుతుంది. వేటకు 2 నుంచి 4 మినిట్ల చుక్క సరిపోతుందని, 6 మినిట్ల చుక్క దగ్గరి దూరాలకే మంచిదని నా అభిప్రాయం. చీకటి పడే వేళ చుక్క కాంతిని బాగా తగ్గించుకోవాలి. లేకపోతే ఆ ఎర్రటి వెలుగే జంతువును మింగేస్తుంది. ఎయిమ్‌పాయింట్ మైక్రో, అల్ట్రాడాట్ వంటి గొట్టం ఆకారపు సైట్లలో వెలుగును పుట్టించే భాగం రెండు అద్దాల మధ్య మూసి ఉంటుంది. తెరిచి ఉండే చిన్న సైట్లు ఇంకా తేలికే గానీ, వాటి దీపం మీద ఒక్క వానచుక్క పడితే చుక్క చెదిరిపోతుంది.

రెడ్ డాట్ కొనే ముందు దుకాణంలోనే చేయవలసిన పరీక్ష ఒకటుంది. కంటిలో ఆస్టిగ్మాటిజం (కంటి వంపు సమంగా లేక చూపు చెదిరే లోపం) ఉన్నవారికి చుక్క గుండ్రంగా కాక తోకచుక్కలాగానో, విడిపోయిన ద్రాక్షగుత్తిలాగానో కనిపిస్తుంది. సైటు చెడిపోయిందనుకొని దాన్ని తిప్పి పంపేవారు కొందరు. ఫోను కెమెరాను సైటు వెనుక పెట్టి చూడండి. అందులో చుక్క గుండ్రంగా ఉంటే తేడా కంటిలోనే ఉందని అర్థం. అప్పుడు సరైన కళ్లద్దాలు పెట్టుకొని మళ్లీ చూడాలి, అప్పటికీ కుదరకపోతే రెడ్ డాట్ ఆలోచన మానుకొని, అద్దం మీదే గురి గీతలు చెక్కిన తక్కువ శక్తి (అంటే తక్కువ రెట్లు పెంచి చూపే) స్కోపు తీసుకోవాలి.

ఇక స్కోపుల విషయం. స్కోపు జంతువును ఎంత పెంచి చూపిస్తుందో చేతి వణుకునూ అంతే పెంచి చూపిస్తుంది. రైఫిల్‌ను భుజం, చెంప, రెండు చేతులు కలిసి పట్టి ఉంచుతాయి. రివాల్వర్‌ను పట్టి ఉంచేవి మణికట్లు రెండే. రెండు రెట్లు చూపే స్కోపులో గీతలు జింక భుజం మీద నెమ్మదిగా కదులుతుంటాయి. ఎనిమిది రెట్ల దగ్గర అవే గీతలు వేడి పెనం మీద నీటిబొట్టులా ఒకచోట నిలవవు. అవి గుండె మీదికి వచ్చిన క్షణం చూసి ట్రిగ్గర్‌ను గబుక్కున లాగడం కొత్తవారికి సహజంగా వచ్చే అలవాటు, తూటా గురి తప్పడానికి అదే పెద్ద కారణం. శక్తి పెరిగేకొద్దీ కనిపించే వైశాల్యం తగ్గుతుంది. మార్చుకునే వీలున్న స్కోపుల్లో శక్తి పెంచినకొద్దీ సరైన ఐ రిలీఫ్ పరిధి కూడా ఇరుకవుతుంది, కాబట్టి తలను ఒక్క అంగుళం అటూ ఇటూ జరిపినా దృశ్యం నల్లబడుతుంది. ల్యూపోల్డ్, బరిస్ కంపెనీలు చేతి తుపాకుల కోసం చేసిన 2 రెట్ల, 4 రెట్ల స్థిర శక్తి స్కోపులకు పాత వేటగాళ్లలో ఇప్పటికీ గిరాకీ ఉండటంలో వింత లేదు. .460తోనో, ఒంటి తూటా పిస్తోలుతోనో ఇసుక సంచి మీద ఆనించి 100 గజాలు దాటి కాల్చే అలవాటున్నవారు 2 నుంచి 7 రెట్ల వరకు మారే స్కోపు తీసుకోవచ్చు. వాళ్లు కూడా దాన్ని రెండు మీదే ఉంచి నడవాలి, ఎందుకంటే జంతువు ఎప్పుడూ మనం అనుకున్న దూరంలో కనిపించదు.

దూరం గురించి మరో మాట. 240 గ్రెయిన్ల బరువున్న .44 మాగ్నమ్ తూటా 50 గజాల దగ్గర సరిగ్గా గురికి తగిలేలా సైటును సరిచేస్తే, అది 100 గజాల దగ్గరకు నాలుగైదు అంగుళాలు కిందికి దిగుతుంది, 150 గజాల దగ్గర ఒక అడుగుకు పైగా దిగుతుంది. స్కోపు ఎంత ఖరీదైనదైనా ఈ పతనాన్ని తగ్గించలేదు. స్కోపు పెట్టగానే రివాల్వర్ 200 గజాల తుపాకీ అయిపోతుందని వ్యాసంలో రాసిన మాట కూడా నిజం కాదు. మోకాలి మీద కూర్చొని, కర్రల ఆసరాతో ఎంత దూరం వరకు ప్రతి తూటానూ అన్నం పళ్లెమంత వలయంలో వేయగలరో అదే వారి వేట దూరం. దాన్ని షూటింగ్ సాధన చేసే రేంజ్‌లో తేల్చుకున్నాకే సైటు ఎంచుకోవాలి.

సైటు మీద పెట్టే శ్రద్ధలో సగమైనా దాన్ని బిగించడం మీద పెట్టనివారే ఎక్కువ. తుపాకీ వెనక్కి తన్నినప్పుడు స్కోపు తన బరువు కొద్దీ ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తుంది, అంటే తుపాకీతో పోలిస్తే ముందుకు జారాలని చూస్తుంది. కాబట్టి రింగు అడుగున ఉండే అడ్డపట్టీని, తుపాకీ మీద రింగులు కూర్చునే పట్టా గాడిలో ముందు అంచుకు ఆనేలా తోసి పట్టుకొని, ఆ తర్వాతే మరలు బిగించాలి. వెనుక అంచుకు ఆనించి బిగిస్తే మొదటి తూటాకే అది ముందుకు కొట్టుకుంటుంది. .44కు రెండు మంచి ఉక్కు రింగులు నిలుస్తాయి. .454, .500 వంటివాటికి మూడు రింగులు వాడటం ఊరికే పుట్టిన ఆచారం కాదు. మరలకు, వాటి రంధ్రాలకు ఉన్న నూనెను స్పిరిట్‌తో తుడిచి, మరలు వదులు కాకుండా పట్టే నీలిరంగు లాక్‌టైట్ జిగురు ఒక్క చుక్క వేసి, తయారీదారు చెప్పిన బిగువుకే, బిగువును కొలిచే టార్క్ రెంచితో తిప్పాలి. చేతి బలం కొద్దీ తిప్పితే స్కోపు గొట్టం నొక్కుకుపోతుంది. అన్నీ అయ్యాక ప్రతి మర తల మీద నుంచి రింగు మీదికి గోళ్లరంగుతో సన్నని గీత గీయండి. మర వదులైతే గీత విరిగి కనిపిస్తుంది, వేట రోజు ఉదయం ఒక్కసారి చూసుకుంటే చాలు. కంపెనీ పేరు వినని చవక స్కోపులు .22 పిస్తోలు మీద ఏళ్ల తరబడి పనిచేయవచ్చు గానీ, .454 తన్నుకు వాటి లోపలి గీతలు ఊడిపోవడం సాధారణమే.

వ్యాసంలో వదిలేసిన చట్టపు ముక్క ఒకటి చెప్పక తప్పదు. టెక్సాస్‌లో ప్రైవేటు భూమిలో యజమాని అనుమతితో అడవి పందులను వేటాడటానికి 2019 సెప్టెంబరు నుంచి రాష్ట్రం వేట లైసెన్సు అడగడం లేదన్నది నిజమే. కానీ హెచ్-1బి వంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవారు తుపాకీ గానీ, తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉండటం అందులోని ముఖ్యమైన మినహాయింపుల్లో ఒకటి. రాష్ట్రం అడగడం లేదు కదా అని లైసెన్సు తీసుకోని మన కుర్రవాడు, మిత్రుడి రివాల్వర్ పట్టుకొని గురి చూసినా ఫెడరల్ నేరంలో చిక్కుకునే ప్రమాదం ఉంది. లైసెన్సు తీసుకొని, గ్రీన్ కార్డు లేనివారైతే వకీలును కూడా ఒకసారి సంప్రదించి వెళ్లడం మేలు.

అలాగే, ఇక్కడ తగ్గింపు ధరకు దొరికిందని స్కోపును సూట్‌కేసులో వేసుకొని హైదరాబాదుకో, విజయవాడకో తీసుకెళ్లాలనుకునేవారు ఆగాలి. తుపాకీ సైట్లు, స్కోపులు అమెరికా ఎగుమతి నియంత్రణల పరిధిలో ఉన్న వస్తువులు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నిషిద్ధం కాబట్టి అక్కడ దానితో వేటగాడికి పనీ లేదు. షూటింగ్ క్రీడలో ఉన్న బంధువు ఎవరైనా అడిగితే, అక్కడే లైసెన్సున్న డీలరు ద్వారా తెప్పించుకోమని చెప్పండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
శాన్ ఆంటోనియో, టెక్సాస్