గుండీల సంగతి

చి. రవికి, అమ్మ ఆశీస్సులు.

ఊరికే రాస్తున్నాను, పనేమీ లేదు. మూడు వారాలైంది నీ గొంతు విని. "బాగున్నానమ్మా" అని ఒక మెసేజీ, దాని కింద బొటనవేలి బొమ్మ. ఆ బొటనవేలి సంగతే అడుగుదామనుకుని ఆగాను.

మీ నాన్నగారు కొత్త కళ్లజోడు చేయించుకుని పాతదాంతోనే చదువుతున్నారు. చిన్నత్త మోకాలు సర్దుకుంది. మావయ్య కీమోలో ఉన్న నీకు నరాల బలానికని ఏవో మాత్రలు పంపాడట, డాక్టరుకు చూపించకుండా వేసుకోకు. ముప్పై ఏళ్లు వార్డులో చేసినదాన్ని, మాత్రలంటే నాకేం పగ లేదు. కానీ కీమో మందుల వల్ల వేళ్లకీ పాదాలకీ పట్టే తిమ్మిరి రాకుండా ఆపుతుందేమోనని అసిటైల్ ఎల్-కార్నిటిన్ అనే మాత్రను 409 మంది రొమ్ము క్యాన్సర్ రోగుల్లో పరీక్షించారు. 2013లో ఫలితం బయటికొచ్చింది: 24 వారాలు తిరిగేసరికి అది వేసుకున్నవాళ్లకే తిమ్మిరి ఎక్కువైంది. పరీక్ష పెట్టబట్టి తెలిసింది గానీ, లేకపోతే ఇప్పటికీ మంచిదనుకునే మింగుతూ ఉండేవాళ్లు.

తిమ్మిరి మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. నీ చొక్కా గుండీలు ఎవరు పెడుతున్నారు?

సరే, చెప్పకు. మాస్టారి సంగతి నీకెప్పుడూ చెప్పలేదనుకుంటా. చెప్పినా మళ్లీ విను. నేను పనిలో చేరిన కొత్తల్లో ఆయన మా వార్డుకి కీమోకి వచ్చేవారు. ఆయనకిచ్చేది సిస్‌ప్లాటిన్, నీకెక్కించే ఆక్సాలిప్లాటిన్ జాతిదే. రౌండ్సులో పెద్ద డాక్టరు "ఎలా ఉన్నారు మాస్టారూ?" అనడం ఆలస్యం, లేచి కూర్చుని "బ్రహ్మాండం" అనేవారు. నేను కేసు షీటులో "బాధలేమీ లేవు" అని రాసేదాన్ని. అలా ఎన్నిసార్లు రాశానో. ఓ పొద్దున ఆయా వచ్చి, మాస్టారు ఒంటి చెప్పుతో తిరుగుతున్నారమ్మా అంది. వెళ్లి చూస్తే ఒక చెప్పు బాత్రూము గుమ్మంలో ఉంది, ఆయన మంచం మీదున్నారు, మధ్యలో వరండా పొడుగునా నెత్తుటి అడుగులు. అరికాల్లో గాజుపెంకు దిగింది, ఆయనకి తెలియనే లేదు. నేను పెంకు తీస్తుంటే వంగి వింతగా చూశారు, ఎవరి కాలో అన్నట్టు. ఎన్నాళ్లుగా ఇలా అంటే రెండు నెలలన్నారు. సుద్దముక్క వేళ్లలోంచి జారిపోతోందని బడికి వెళ్లడం కూడా మానేశారట. నాకు ఒళ్లు మండి, "రోజూ అడుగుతూనే ఉన్నాం కదండీ" అన్నాను. "ఎలా ఉన్నారని అడిగారమ్మా, చెప్పుల గురించి అడగలేదు" అన్నారు. ఆ కాళ్లకి స్పర్శ మళ్లీ రాలేదు.

ఇప్పుడు చెప్పుల గురించి అడుగుతున్నారురా. వారంవారం నీ చేతికిచ్చే ఆ కాగితం, సీఐపీఎన్-20 అని కీమో తిమ్మిరి మీద ఇరవై ప్రశ్నలది, నేను చూశాను. చిన్న గుండీలు పెట్టుకోవడం కష్టంగా ఉందా అని గుండీ పేరెత్తి మరీ అడుగుతుంది. అస్సలు లేదు, కొంచెం, బాగానే, చాలా ఎక్కువ... నాలుగే గళ్లు. నువ్వు పైనుంచి కిందికి "అస్సలు లేదు"లోనే టిక్కులు పెట్టావట. అంత ఆరోగ్యం నాకే లేదు.

అది మామూలు వైద్యం కాగితం కాదు, పరిశోధనది. కొందరికి వేళ్ల వ్యాయామం, నిలకడ అభ్యాసం ఇస్తారు, కొందరికి ఇవ్వరు, ఎవరెటో కంప్యూటరే చీటీ తీస్తుంది. నువ్వు వ్యాయామం వైపు పడ్డావు. నీ టిక్కులు చూసి అది బ్రహ్మాండంగా పనిచేసిందని లెక్క కడితే, రేపు ఇంకొకడు దాన్నే నమ్ముకుని చెప్పు పోగొట్టుకుంటాడు. ఇష్టం లేకపోతే ఎప్పుడైనా బయటికి రావచ్చు, నీ వైద్యం ఆగదు. నువ్వు సంతకం పెట్టిన కాగితంలోనే ఆ మాట ఉంటుంది.

ఉపన్యాసం మొదలెట్టానని నవ్వుతున్నావు. నవ్వు. నిజం చెబితే ఆక్సాలిప్లాటిన్ డోసు తగ్గిస్తారని కదూ నీ భయం? 2018లో ఆరు పరీక్షలు కలిపి, 12,834 మంది పెద్దపేగు క్యాన్సర్ రోగుల్లో మూడు నెలల మందుని ఆరు నెలల మందుతో పోల్చారు. ఆరు నెలలు తీసుకున్నవాళ్లలో దాదాపు సగం మందిని తిమ్మిరి గట్టిగానే పట్టుకుంది, మూడు నెలలవాళ్లలో ఆరేడుగురిలో ఒకరిని. అందరికీ మూడు నెలలు చాలదు, జబ్బు ఎంతవరకు పాకింది, జతగా ఏ మందిస్తున్నారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. అది తేల్చాల్సింది డాక్టరు. నువ్వు టిక్కులతో తేల్చేస్తున్నావు. ఇంకొకటి, మందు ఆపాక కూడా కొన్ని నెలలు తిమ్మిరి పెరగొచ్చు. "అయిపోవచ్చింది, ఓర్చుకుందాం" అన్న లెక్క ఇక్కడ కుదరదు.

న్యూయార్కులో మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ ఆసుపత్రిలో 766 మంది రోగులతో ఒక పరీక్ష చేశారు. బాధలు ఎప్పటికప్పుడు కంప్యూటర్లో రాస్తే నర్సుకి కబురందేది. అలా రాసినవాళ్లలో సగం మంది 31.2 నెలలకు పైగా బతికారు, మిగతావాళ్లలో ఆ లెక్క 26 నెలలు. తర్వాత 1191 మందితో చేసిన పరీక్షలో ఆయుష్షులో తేడా కనబడలేదులే, దాచను. ఒంట్లో ఓపిక, బాధల అదుపు మాత్రం మెరుగయ్యాయి. గుండీ పెట్టుకోగలగడం తక్కువ లాభమా?

మందెక్కించాక కొన్నాళ్లు చల్లటివి ముట్టుకోకు, ఫ్రిజ్ తలుపు సునందనే తియ్యనీ. స్నానం నీళ్లు వేళ్లతో కాదు, మోచేత్తో చూసుకో. రాత్రి లేస్తే లైటు వేసుకుని, కాలికి చెప్పుందో లేదో కళ్లతో చూసుకో.

నాలుగు చొక్కాలు పంపుతున్నాను. లోపల టిచ్ బటన్లు కుట్టాను, పైన పాత గుండీలు అలాగే ఉంచాను, ఆఫీసులో ఎవరికీ తెలియదు. అవి తొడుక్కుని ఆ గుండీల ప్రశ్నకి మళ్లీ "అస్సలు లేదు" అని పెట్టేవు, పాత చొక్కాతో ప్రయత్నించి పెట్టు.

సునందని ఏమీ అనకు. నేనే గుచ్చి గుచ్చి అడిగాను.

మీ అమ్మ