105 మీటర్లు, 68 మీటర్లు: క్రీడాశాఖ మంత్రిగారికి ఓ విశాఖ ఫుట్‌బాల్ పిచ్చోడి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ క్రీడాశాఖ మంత్రిగారికి,

నమస్కారాలు.

నేను విశాఖపట్నం పోర్టు దగ్గర ఓ క్లియరింగ్ ఏజెన్సీలో గుమాస్తాని. ఉండేది కంచరపాలెం. సిగరెట్ కాల్చను, పేకాడను. ఉన్న వ్యసనం ఒక్కటే, రైలెక్కి వేరే రాష్ట్రాలకు పోయి ఫుట్‌బాల్ మ్యాచ్‌లు చూడటం. పదేళ్ళుగా నా సెలవులన్నీ దీనికే ఖర్చయ్యాయి. కోల్‌కతా, కొచ్చి, భువనేశ్వర్, జంషెడ్‌పూర్, గోవా, బెంగళూరు, మంజేరి, హైదరాబాద్ అన్నీ తిరిగాను. మా పెదనాన్నగారి అబ్బాయి రైల్వేలో చేస్తాడు. "ఏటి తమ్ముడూ, బంతాట చూడ్డానికి హౌరా దాకానా? మన బీచ్‌లో ఆడతన్నారు కదేటి!" అంటాడు. బీచ్‌లో ఆడేవాళ్ళనీ చూస్తాను సార్. వాళ్ళకి గోల్ పోస్టులు రెండు జతల చెప్పులు.

అడగబోయేది ముందే చెప్పేస్తాను. ఉత్తరం చివరిదాకా చదివే తీరిక మీకు దొరక్కపోవచ్చు. విశాఖకి 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు ఉన్న పచ్చిక మైదానం ఒకటి కావాలి. అచ్చంగా ఫుట్‌బాల్‌కి. దానికి నాలుగు లైటు స్తంభాలు, ఎనిమిది పదివేల మంది కూర్చునే మెట్లు, ఆడవాళ్ళకి నీళ్ళొచ్చే బాత్రూములు ఉంటే చాలు. ఎందుకు కావాలో కింద రాస్తున్నాను.

2022 మార్చి 20న గోవాలో ఫటోర్డా స్టేడియంలో ఐఎస్ఎల్, అంటే ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్ జరిగింది. హైదరాబాద్ ఎఫ్‌సీకి, కేరళ బ్లాస్టర్స్‌కి. మన తెలుగు జట్టు ఫైనల్‌కొచ్చిందని రెండు రైళ్ళు మారి వెళ్ళాను. హైదరాబాద్ రంగు కదా అని పసుపు చొక్కా వేసుకున్నాను. లోపలికెళ్ళి చూద్దును కదా, గ్యాలరీ అంతా పసుపే. కేరళ రంగూ అదే! తమాషా ఏమిటంటే ఆ రోజు పసుపు జెర్సీ హైదరాబాద్ వంతుకొచ్చింది, కేరళ ఆటగాళ్ళు నల్ల జెర్సీలో దిగారు. వాళ్ళ అభిమానులు మాత్రం మామూలుగా పసుపులోనే వచ్చారు. నా చుట్టూ ఉన్న మలయాళీలు నేనూ వాళ్ళవాణ్ణే అనుకుని అరటికాయ చిప్స్ పొట్లం అందించారు. తీసుకున్నాను, కాదనడం దేనికి. 68వ నిమిషంలో రాహుల్ కేపీ గోలు కొట్టగానే అందరూ లేచి ఒకళ్ళనొకళ్ళు వాటేసుకుంటుంటే నేను చిప్స్ నములుతూ కూర్చున్నాను. 88వ నిమిషంలో సాహిల్ తవోరా స్కోరు సమం చేశాడు. ఆ వరసలో ఎగిరి గంతేసింది నేనొక్కణ్ణే. పక్కనున్న పెద్దాయన నన్నూ, నా చొక్కానీ, తన పొట్లాన్నీ మార్చి మార్చి చూశాడు. చివరికి పెనాల్టీల్లో లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపేశాడు. 3-1తో కప్పు మనకొచ్చింది. పెద్దాయన ఏమీ అనలేదు. మిగిలిన చిప్స్ కూడా నా చేతిలో పెట్టి మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

మనకొచ్చింది అన్నాను గానీ, కాస్త ఆలోచించండి. కోవిడ్ వల్ల ఆ సీజను మ్యాచ్‌లన్నీ గోవాలోనే పెట్టారు. సొంతూళ్ళో ఒక్క ఆట కూడా ఆడకుండానే హైదరాబాద్ ఛాంపియన్ అయింది. 2019లో పుణె జట్టు స్థానంలో వచ్చిన ఆ క్లబ్బు 2025లో ఢిల్లీకి వెళ్ళిపోయి పేరే మార్చుకుంది. అంతకుముందు 2019లోనే ఢిల్లీ డైనమోస్ జట్టు భువనేశ్వర్‌కి మారి ఒడిశా ఎఫ్‌సీ అయింది. మన దేశంలో ఫుట్‌బాల్ జట్లు అద్దె ఇళ్ళ కుటుంబాల్లాంటివి. సామాను సర్దుకోవడం వాటికి అలవాటే.

అలా సర్దుకున్న సామాను ఒకసారి మన గుమ్మం దాకా వచ్చింది. 2020లో ఐఎస్ఎల్ కింది మెట్టు అయిన ఐ-లీగ్‌లోకి కొత్త జట్లను తీసుకున్నప్పుడు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ప్రకటనలో శ్రీనిధి ఫుట్‌బాల్ క్లబ్ పేరు పక్కన రాసిన ఊరు విశాఖపట్నం. ఆ రోజు నేను ఆఫీసులో స్వీట్లు పంచాను. ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు, తిన్నారు. ఆ క్లబ్బు తర్వాత శ్రీనిధి డెక్కన్ అయింది, హైదరాబాద్ శివార్లలో డెక్కన్ అరీనా దాని ఇల్లయింది. 2022-23లోనూ, 2023-24లోనూ ఐ-లీగ్‌లో రెండో స్థానంలో నిలిచింది. నేను వాళ్ళని తప్పు పట్టను. ఇక్కడికి వచ్చి ఎక్కడ ఆడాలి చెప్పండి? ఆర్కే బీచ్‌లోనా?

కోల్‌కతా సంగతి వేరు. కోరమాండల్‌లో వెళ్ళాను. రైల్లో ఎదుటి బెర్తు బెంగాలీ ఆయన చేపల లెక్క చెప్పాడు. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే మర్నాడు బజార్లో ఇలిష్ ధర పెరుగుతుందట, మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యలది. ఇలిష్ అంటే సముద్రంలో మన ఇలస, గోదావరి ఎదురెక్కితే పులస. ఈ చేపను మనమూ తింటాం, రొయ్యల్ని దేశదేశాలకు ఎగుమతి చేస్తాం, కానీ మన బజార్లో ధర పెంచే జట్టు ఒక్కటీ లేదు. సాల్ట్ లేక్ స్టేడియంలో 1997లో ఈ రెండు జట్ల మధ్య ఫెడరేషన్ కప్ సెమీఫైనల్‌కి 1,31,781 మంది వచ్చారు. ఇప్పుడు కుర్చీలు వేసి దాదాపు 68 వేలకి తగ్గించారు. 2024 జూన్ 6న భారత కెప్టెన్ సునీల్ ఛెత్రీ వీడ్కోలు మ్యాచ్‌కి నేనక్కడే ఉన్నాను. కువైట్‌తో 0-0. గోలు లేని ఆటకి దాదాపు 59 వేల మంది చివరిదాకా కదల్లేదు. ఛెత్రీ పుట్టింది సికింద్రాబాద్‌లో, 1984లో. (2025లో మళ్ళీ వచ్చి ఆడాడనుకోండి, ఆ రోజు నేను పెట్టుకున్న కన్నీళ్ళు ఎవరు తిరిగిస్తారు?) బయట ఝాల్‌మురీ తిన్నాను. మన ముంత మసాలాకి అన్నదమ్ముడే, ఆవనూనె వాసన ఒక్కటే తేడా.

మన జాతికి ఫుట్‌బాల్ రాదని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌ని నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకానికి తీసుకెళ్ళిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదీ. 1965-66లో రాష్ట్రాల జట్లు పోటీపడే సంతోష్ ట్రోఫీ ఆంధ్రప్రదేశ్‌దే. అది మా నాన్న చెప్తే విన్నాను. మా అమ్మాయికి నేను చెప్పడానికి అంతకంటే కొత్త కబురు లేదు.

అమ్మాయి అంటే గుర్తొచ్చింది. 2024 జనవరి 28న సూపర్ కప్ ఫైనల్‌కి తనని భువనేశ్వర్ తీసుకెళ్ళాను. తొమ్మిదో తరగతి అప్పుడు. కళింగ స్టేడియంలో ఈస్ట్ బెంగాల్ అదనపు సమయంలో ఒడిశాను 3-2తో ఓడించింది. ఊరు ఊరంతా ఉసూరుమంది. తిరుగు రైల్లో వాళ్ళమ్మకి ఫోన్ చేసి మ్యాచ్ ఎలా జరిగిందో చెప్తుందనుకుంటే, "అమ్మా, స్టేడియం బాత్రూంలో నీళ్ళొచ్చాయి, గడియ కూడా పడింది" అంది. మా ఆవిడ ఆ ఒక్క మాటతో తర్వాతి ప్రయాణానికి ఒప్పుకుంది. మీ ఇంజనీర్లు గ్యాలరీ డిజైన్ గీసేటప్పుడు ఈ మాట గుర్తు చేయండి. సగం జనాభా స్టేడియానికి రాకపోవడానికి కారణం ఆట కాదు.

విశాఖ నుంచి భువనేశ్వర్ ఎంత దూరం? రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి అక్కడుంటాం. ఒడిశాకి బెంగాల్లాగా, కేరళలాగా ఫుట్‌బాల్ పిచ్చి ఉందని నేనెప్పుడూ వినలేదు. గ్రౌండు సిద్ధంగా ఉంది, జట్టు వచ్చింది, పిచ్చి తర్వాత పట్టింది. జంషెడ్‌పూర్ కూడా మనలాగే ఉక్కు ఊరు. అక్కడ 1987 నుంచే టాటా ఫుట్‌బాల్ అకాడమీ ఉంది, జట్టు 2017లో వచ్చింది. వాళ్ళ స్టేడియానికి అభిమానులు పెట్టుకున్న ముద్దు పేరు కొలిమి. ఇంగ్లిష్‌లో ఫర్నేస్ అంటారు. ఉక్కునగరం పక్కనే పెట్టుకుని ఆ పేరు మనకి తట్టనందుకు కొంచెం కుళ్ళుకున్నాను.

కొచ్చి గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీరు తీసుకోవలసిన నిర్ణయం అక్కడుంది. బొకారో ఎక్స్‌ప్రెస్‌లో ఎర్నాకుళంలో దిగి మెట్రో ఎక్కితే స్టేషన్ పేరే స్టేడియం పేరు. 2017లో అండర్-17 ప్రపంచ కప్పు కోసం ఆ కలూర్ మైదానాన్ని బాగుచేశారు. మరుసటి ఏడాది అక్కడ క్రికెట్ వన్డే పెడతామన్నారు. నడిమధ్యలో పచ్చిక తవ్వి మట్టి పిచ్ వెయ్యాలి కదా! అభిమానులు ఊరుకోలేదు. చివరికి ఆ వన్డే తిరువనంతపురం వెళ్ళిపోయింది. అలాగని కొచ్చిని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. 2024 డిసెంబరులో అదే స్టేడియంలో వేలమందితో నృత్య కార్యక్రమం పెడితే ఓ ఎమ్మెల్యే వేదిక మీంచి పడి తీవ్రంగా గాయపడ్డారు. పచ్చిక గతి చెప్పక్కర్లేదు.

నాకు క్రికెట్ మీద కోపం లేదు సార్. 2005 ఏప్రిల్ 5న పీఎం పాలెంలో ధోనీ 148 కొట్టినప్పుడు నా గొంతు రెండ్రోజులు పోయింది. కబడ్డీకి ఇండోర్ స్టేడియం ఉంది, 2025 ప్రొ కబడ్డీ సీజను మన ఊళ్ళోనే మొదలైంది. ఎవరి ఇల్లు వాళ్ళకుంది. ఫుట్‌బాల్ వాడే వాళ్ళ వసారాల్లో పడుకుంటున్నాడు. చుట్టూ పరుగు ట్రాక్ ఉన్న మైదానాలూ చూశాను. బెంగళూరు కంఠీరవలో, హైదరాబాద్ గచ్చిబౌలిలో ఆటగాడి మొహం కాదు, వీపు మీది నంబరే ఆనదు. అందుకే అన్నీ కలిపి ఒకే చోట అనే ఆలోచన మాత్రం వద్దు.

మన ఊళ్ళో మైదానాలు లేవని కాదు. పెద్ద పెద్ద సంస్థలకి ఉన్నాయి, గేట్ల వెనక. గేటు లేనివాటి కథ ఒకటి చెప్తాను. మా ఇంటికి దగ్గర్లో ఒక గ్రౌండుంది, పేరెందుకులెండి. మా మేనల్లుడు ఇంటర్ చదువుతున్నాడు, లెఫ్ట్ వింగ్‌లో బాగా ఉరుకుతాడు. ఓసారి అక్కడ ఏదో సభ జరిగింది. సభయ్యాక టెంటు వాళ్ళు గుంజలు పీక్కుపోయారు, గుంతలు వదిలేశారు. రెండు వానలు పడ్డాయి, గడ్డి మొలిచి మూతలు పడ్డాయి. బంతి వెనక పోతున్న కుర్రాడి కాలు మోకాలి కింద దాకా దిగిపోయింది. చీలమండ విరిగింది. ఆరు వారాలు పిండికట్టు. ఆ తర్వాతి ఆదివారం నేను వెళ్ళి లెక్కపెట్టాను, 41 గుంతలు. కొన్నిట్లో కొబ్బరి తాడు ముక్కలు ఇంకా ఉన్నాయి. ఎవర్ని అడిగినా "మాది కాదు, వేరే డిపార్ట్‌మెంటు" అన్నారు. చివరికి కుర్రాళ్ళూ, నేనూ అందరం కలిసి ఓ ట్రాక్టరు మట్టి చందాలేసుకుని కొని పూడ్చాం.

ఆ రోజే పూర్ణా మార్కెట్‌లో యాభై మీటర్ల టేపు కొని కొలిచాను. 91 మీటర్లు, 56 మీటర్లు. ఓ పక్క ప్రహరీ ముందుకొచ్చింది, ఇంకో పక్క ఎవరివో కార్లు.

గ్రౌండు కడితే జట్టు వచ్చి వాలుతుందని నేను హామీ ఇవ్వలేను. 2025 జూలైలో ఐఎస్ఎల్‌నే ఆపేసి కూర్చున్నారు, ఆటగాళ్ళు జీతాల కోసం బెంగపెట్టుకున్నారు. పై లీగుల్ని నమ్ముకుని ఏ ఊరూ పునాది తవ్వకూడదు. 2022 మేలో కేరళలోని మంజేరిలో సంతోష్ ట్రోఫీ ఫైనల్ చూశాను. లీగు కాదు, స్టార్లు లేరు, విదేశీ ఆటగాళ్ళు అసలే లేరు. కేరళ, బెంగాల్. పయ్యనాడ్ స్టేడియం కిటకిటలాడింది. మధ్యాహ్నం నుంచే ఊళ్ళో జనం లుంగీలు ఎగ్గట్టి నడిచి వస్తున్నారు. కేరళ పెనాల్టీల్లో గెలిచింది. అక్కడ ఊరూరా సెవెన్స్, అంటే జట్టుకి ఏడుగురు ఆడే ఆటలు ఉంటాయి, తాత్కాలికంగా గ్యాలరీలు కట్టి, టికెట్ పెట్టి, లైట్ల కింద ఆడతారు. పగలు పనికి పోయినవాడు రాత్రి ఆట చూస్తాడు. మనకి కావలసింది కూడా జిల్లా లీగ్ మ్యాచ్‌లు సాయంత్రం ఏడింటికి మొదలయ్యే చోటు. షిఫ్టు దిగిన పోర్టు కూలీ, స్టీలు ప్లాంటు వర్కరు దార్లో ఆగి చూసిపోయేలా ఉండాలి. స్టేడియం అనగానే ఊరవతల వంద ఎకరాలు వెతక్కండి. సిటీ బస్సు పోయేచోట నాలుగెకరాలు చూడండి చాలు.

ఇంకొక్కటి. జీవో ఇచ్చినప్పుడు అందులో ఒక వాక్యం రాయించండి: ఈ మైదానంలో సభలు, ఎగ్జిబిషన్లు, పెళ్ళిళ్ళు జరపరాదు. మీ పార్టీ సభ అయినా, అవతలి పార్టీ సభ అయినా.

ఈసారి విశాఖ వచ్చినప్పుడు ఓ గంట ముందు కబురు పెట్టించండి. మీరు చూపించిన స్థలం దగ్గరికి నేను టేపు పట్టుకొస్తాను. అవతలి చివర మా మేనల్లుడు పట్టుకుంటాడు. ఇప్పుడు బాగానే నడుస్తున్నాడు.

ఇట్లు,
తమ విధేయుడు,
ఓ ఫుట్‌బాల్ అభిమాని,
కంచరపాలెం, విశాఖపట్నం.